ఒకే అచ్చులో పోసినా ఇద్దరు ఒకటి కారు

అందరికీ నమస్కారం. ఇంతమంది వచ్చి కూర్చున్నందుకు చాలా సంతోషం.

ఈరోజు మాట్లాడుకోబోయేది ప్రతి మనిషీ మిగతా అందరికంటే వేరుగా ఎందుకు ఉంటాడు అన్నదాని గురించి. ఈ ప్రశ్నకి మన భాషలో రెండు సామెతలు రెడీగా ఉంటాయి. పుట్టుకతో వచ్చిన బుద్ధి పుడకలతో గానీ పోదంటాం, అంటే అంతా రక్తంలోనే ఉందని. ఇంకో పూట మొక్కై వంగనిది మానై వంగునా అంటాం, అంటే అంతా పెంపకంలోనే ఉందని. అవసరాన్ని బట్టి ఏదో ఒకటి వాడేసుకుంటాం. నేను చెప్పదలుచుకున్నది ఏంటంటే, ఈ రెండూ కలిపి కూడినా లెక్క తేలదు. పుట్టుకా ఒకటే, పెంపకమూ ఒకటే అయిన చోట కూడా ఇద్దరు మనుషులు ఇద్దరుగానే తయారవుతారు. ఆ మిగిలిపోయే భాగం దగ్గరే నాకు మనసు ఆగిపోతుంది, ఈరోజు ఎక్కువసేపు దాని చుట్టూనే తిరుగుతాను.

ముందు పుట్టుక సంగతి. మన డీఎన్‌ఏని అక్షరాలతో రాసిన పుస్తకం అనుకుంటే అందులో సుమారు 300 కోట్ల అక్షరాలుంటాయి. ఏ ఇద్దరిని తీసుకున్నా 99.9 శాతం దాకా అవే అక్షరాలు, అదే వరుస. రంగు, ఎత్తు, ముఖం చూసి మనం ఇంత దూరం దూరం అనుకుంటాం గానీ లోపల తేడా అంతే. అయితే 300 కోట్లలో ఆ కాస్త తేడా అన్నా లక్షల చోట్ల తేడా అని అర్థం. పైగా తల్లిదండ్రుల నుంచి వచ్చేది ఉన్నదున్నట్టు రాదు. ఒక్కొక్కరి దగ్గర 23 జతల క్రోమోజోములు, అంటే డీఎన్‌ఏ చుట్టలు, ఉంటాయి, ప్రతి జతలోంచి ఒకటే బిడ్డకి చేరుతుంది, కాబట్టి ఒక్కరి వైపు నుంచే 83,88,608 రకాల కలయికలు వీలవుతాయి (84 లక్షల జీవరాశుల లెక్క గుర్తొస్తుంది గానీ దానికీ దీనికీ సంబంధం లేదు, ఊరికే కలిసిందంతే). ఇద్దరి వైపూ కలిపితే 70 లక్షల కోట్లు. ఆ జతలు విడిపోయే ముందు ముక్కలు ముక్కలుగా ఒకదానితో ఒకటి మార్చుకుంటాయి కూడా, అదీ కలిపితే ఇక అంతు లేదు. అమ్మలోనూ లేని, నాన్నలోనూ లేని కొత్త మార్పులు ప్రతి బిడ్డలోనూ ఇంకో అరవై డెబ్బై దాకా ఉంటాయి.

సరే, ఇంకేం, జన్యువులే కారణం అని ఇక్కడితో ఆపేయొచ్చు కదా అంటారు. ఆపలేం. మీ రెండు బొటనవేళ్ళూ ఒకసారి పక్కపక్కన పెట్టి చూసుకోండి, ఇప్పుడే, ఇక్కడే. వెలుతురు కాస్త పక్క నుంచి పడేలా పెట్టుకుంటే గీతలు బాగా కనిపిస్తాయి. రెండు వేళ్ళూ మీవే. ఒకే జన్యువులు, ఒకే తల్లి కడుపు, ఒకే వారాల్లో తయారయ్యాయి. పైపైన చూస్తే రెండిట్లోనూ సుడి ఒకేలా ఉందనిపించొచ్చు, కానీ ఏ గీత ఎక్కడ చీలింది, ఎక్కడ ఆగిపోయింది అని వెతికితే కలవవు. ఈ గీతలు కడుపులో 10వ వారం తర్వాత మొదలై 17వ వారం ప్రాంతానికి స్థిరపడతాయి. వేలి కొస మధ్యలో ఉబ్బెత్తుగా ఉండే చోటు నుంచి, గోరు కింద నుంచి, కణుపు దగ్గరి మడత నుంచి, ఇలా మూడు వైపుల నుంచి అలల్లాగా పాకుతూ వచ్చి ఒకదాన్నొకటి తగులుతాయని 2023లో ఎడిన్‌బరో విశ్వవిద్యాలయం వాళ్ళ పరిశోధనలో బయటపడింది. ఏ అల కాస్త ముందు బయల్దేరింది, ఆ క్షణానికి వేలు ఎంత లావుంది, ఎంత వంపు తిరిగి ఉంది, ఇలాంటి అతి చిన్న సంగతుల మీద చివరి గీత ఆధారపడుతుంది. ఆ గీత ఎటు పోవాలో ముందుగా ఎక్కడా రాసి లేదు. అందుకే అచ్చుగుద్దినట్టుండే కవలలకి కూడా వేలిముద్రలు వేరుగా ఉంటాయి.

2001 డిసెంబరులో టెక్సాస్‌లో తొలిసారి పిల్లిని క్లోనింగ్ చేశారు, అంటే ఒక పిల్లి కణం నుంచే అవే జన్యువులున్న నకలు పుట్టించారు. అసలు పిల్లి నారింజ, నలుపు, తెలుపు మూడు రంగుల మచ్చలది. దాని కణంతోనే పుట్టిన పిల్లకి నారింజ మచ్చ ఒక్కటీ లేదు. ఆడపిల్లి కణాల్లో ఉండే రెండు ఎక్స్ క్రోమోజోముల్లో ఒకటి నిద్రపోతుంది. క్లోన్ కోసం తీసుకున్న ఆ ఒక్క కణంలో నారింజ రంగు జన్యువున్న ఎక్స్ నిద్రపోయి ఉంది, మళ్ళీ లేవలేదు. బొచ్చు రంగుకే పూర్తి నకలు రానప్పుడు స్వభావానికి ఎక్కడ వస్తుంది?

ఇప్పుడు అసలు విషయం. జర్మనీలోని డ్రెస్డెన్‌లో శాస్త్రవేత్తలు జన్యువుల్లో తేడా లేని 40 ఎలుకల్ని తీసుకుని, అన్నిటినీ ఒకే పెద్ద బోనులో మూడు నెలలు ఉంచారు. అంతస్తులు, గొట్టాలు, ఆడుకునే సామాన్లు, అన్నీ ఉన్న బోను. ప్రతి ఎలుకకీ చిన్న చిప్ పెట్టి అది ఎప్పుడు ఎక్కడుందో నమోదు చేశారు. ఈ పరిశోధన 2013లో అచ్చయింది. మొదట్లో ఎలుకల మధ్య తేడా చాలా తక్కువ. వారాలు గడిచేకొద్దీ కొన్ని మూలమూలకీ తిరిగేవిగా, కొన్ని తమ చోటు వదలనివిగా విడిపోతూ వచ్చాయి, ఆ తేడా తగ్గకపోగా పెరుగుతూ పోయింది. చివర్లో మెదళ్ళు చూస్తే, ఎక్కువ చోట్ల తిరిగిన వాటిలో, కొత్త జ్ఞాపకాలకి అవసరమైన హిప్పోకాంపస్ అనే భాగంలో కొత్త కణాలు ఎక్కువ పుట్టాయి. ఇది ఎలా జరుగుతుందంటే, ఒక ఎలుక ఏదో కాస్త ముందుగా ఒక గొట్టంలో దూరి ఉంటుంది. అక్కడ కొత్తది కనిపిస్తుంది, ఆ అనుభవం మెదడులో కాస్త మార్పు తెస్తుంది, మారిన మెదడు రేపు ఇంకో మూలకి తీసుకెళ్తుంది. మొదటి అడుగులో తేడా మనకి కనిపించనంత చిన్నది, కానీ ప్రతి అడుగూ తర్వాతి అడుగుకి పెట్టుబడి అవుతుంది.

మిగతా ఎలుకలతో పోటీ వల్ల అలా అయ్యుంటుందిలే అని మీకు అనుమానం రావచ్చు, నాకూ వచ్చింది. దానికి 2017లో చేపలతో ఒక జవాబొచ్చింది. అమెజాన్ మోలీ అనే చేప జాతిలో అన్నీ ఆడవే, పిల్లలు తల్లికి క్లోన్‌లు. ఆ పిల్లల్ని పుట్టిన వెంటనే విడదీసి, ఒక్కోదాన్ని ఒకేలాంటి తొట్టిలో ఒంటరిగా పెంచారు. అయినా ఏ చేప ప్రవర్తన దానిదే అయింది.

ఎలుకలూ చేపలూ సరే, మనుషుల సంగతేంటి? ఇరాన్‌లో లాదన్, లాలే బిజానీ అనే అక్కాచెల్లెళ్ళు తలలు అతుక్కుని పుట్టారు. ఈ ప్రశ్న గురించి ఆలోచించే వాళ్ళెవరూ వాళ్ళని తలుచుకోకుండా ఉండలేరు. ఒకే జన్యువులు, ఒకే ఇల్లు, ఒకే గది. ఒకరు వెళ్ళిన చోటికి రెండోవాళ్ళు వెళ్ళక తప్పదు, ఒకరితో మాట్లాడిన మనిషి రెండోవాళ్ళకి కూడా వినపడతాడు. ఒకే అనుభవం అనే మాటకి ఇంతకంటే పెద్ద ఉదాహరణ ఈ భూమ్మీద దొరకదు. మరి ఆ ఇద్దరూ ఒకటయ్యారా? లాదన్‌కి లాయర్ కావాలని, లాలేకి జర్నలిస్టు కావాలని. ఇద్దరూ కలిసి ఒకే కోర్సు చదవక తప్పదు కాబట్టి లా చదివారు, అంటే లాలే తన కోరిక పక్కన పెట్టుకుంది. ఎక్కడ ఉండాలన్న దాంట్లో కూడా ఇద్దరి ఇష్టాలు వేరు. 2003 జులైలో, 29 ఏళ్ళ వయసులో, ప్రాణాలు పోవచ్చని డాక్టర్లు ముందే చెప్పినా వినకుండా, విడదీసే ఆపరేషన్‌కి సింగపూర్‌లో ఒప్పుకున్నారు. ఇద్దరూ బతకలేదు.

వాళ్ళ గురించి తలుచుకున్న ప్రతిసారీ నాకు గొంతు పట్టేస్తుంది. నాదంటూ ఒక జీవితం కావాలి అన్న కోరిక, ఎవరో చెబితేనో, సినిమా చూస్తేనో, స్నేహితుల్ని చూస్తేనో పుట్టేది కాదని వాళ్ళ వల్ల నాకు నమ్మకం కుదిరింది. ఒక్క క్షణం కూడా ఒంటరిగా లేని ఇద్దరిలోనూ అది విడివిడిగా పుట్టి, విడివిడిగా పెరిగింది.

2015లో అప్పటిదాకా యాభై ఏళ్ళుగా కవలల మీద జరిగిన పరిశోధనలన్నీ ఒకచోట చేర్చి లెక్క కట్టారు. వేలకొద్దీ లక్షణాలు కలిపి చూస్తే మనుషుల మధ్య తేడాల్లో సగటున 49 శాతం దాకా వారసత్వం వాటా. మిగతా సగం అంతా పెంపకమే అనుకుంటాం కదా, అక్కడే తిరకాసు. స్వభావం విషయంలో, ఒకే ఇంట్లో పెరిగినందువల్ల పిల్లలకి వచ్చే పోలిక చాలా తక్కువని ఇలాంటి పరిశోధనలు మళ్ళీ మళ్ళీ చూపిస్తూనే ఉన్నాయి. తోబుట్టువుల మధ్య తేడా చూసి కుమిలిపోయే తల్లిదండ్రులు ఇక్కడుంటే ఈ మాట వాళ్ళకోసమే ఎక్కువ చెబుతున్నాను. పెద్దదాన్ని పెంచినట్టే చిన్నవాణ్ణీ పెంచాం, వీడెందుకిలా అయ్యాడు అని రాత్రుళ్ళు నిద్ర పట్టక టెన్షన్ పడేవాళ్ళు ఎంతమందో. మీరు ఒకేలా పెంచి ఉండొచ్చు, కానీ ఇద్దరూ ఒకే ఇంట్లో పెరగలేదు. పెద్దదానికి అక్క లేదు, చిన్నవాడికి ఉంది. ఒకరికి జ్వరం వచ్చిన వారమే రెండోవాళ్ళకి కొత్త స్నేహం దొరికి ఉంటుంది. ఒక టీచరు ఒకరితో అన్న మాట రెండోవాళ్ళు విననేలేదు. వీటిలో చాలావాటికి ఎవరూ బాధ్యులు కారు. అంటే పెంపకం ఎందుకూ కొరగాదని కాదు, ప్రేమగా పెరిగిన బాల్యం దానికదే మంచిది, పిల్లలు ఎలా తయారైనా సరే.

బయటి ప్రపంచం కూడా అందరికీ ఒకేలా లోపలికి రాదు, ఇది చాలామంది పట్టించుకోని సంగతి. వాసన పట్టుకునే గ్రాహకాలు మనలో దాదాపు 400 రకాలుంటాయి, అవి మనిషికీ మనిషికీ మారతాయి. చెమటలో ఉండే ఆండ్రోస్టెనోన్ అనే పదార్థం కొందరికి మూత్రం కంపు కొడుతుంది, కొందరికి తియ్యటి వాసన వేస్తుంది, కొందరికి అసలేమీ తెలియదు. ఒకే గదిలో పక్కపక్కన కూర్చున్న మనం ముగ్గురం మూడు గదుల్లో ఉన్నట్టే. నీకెందుకు నచ్చలేదు, నాకు నచ్చింది కదా అని ఎదుటివాళ్ళతో వాదించే ముందు ఇది గుర్తు పెట్టుకుంటే సగం గొడవలు తగ్గుతాయని నా నమ్మకం.

అలాగే మనుషుల్ని పదహారు రకాలుగానో తొమ్మిది రకాలుగానో విడదీసి నువ్వు ఫలానా టైపు అని చెప్పే టెస్టులంటే నాకు గిట్టదు, ఆ సంగతి దాచుకోను. కొన్ని వారాలాగి మళ్ళీ రాస్తే చాలామందికి వేరే టైపు వస్తుంది. సరదాకి చేసుకుంటే సరే, ఉద్యోగం ఇవ్వాలా వద్దా అన్నది వాటితో తేలిస్తే మాత్రం అన్యాయం.

ఇక చివరగా ఒక ప్రశ్న మిగిలింది. ఇన్ని మలుపులు తిరిగి తయారైన మనిషి ఆ మనిషే అని మనం దేన్నిబట్టి గుర్తుపడతాం? జ్ఞాపకాలే అని పదిహేడో శతాబ్దంలో జాన్ లాక్ అనే తత్వవేత్త వాదించాడు. వినడానికి బాగానే ఉంటుంది. కానీ హెన్రీ మొలైసన్ అనే ఆయన సంగతి చూడండి. 1953లో మూర్ఛ తగ్గడానికి ఆపరేషన్ చేసి మెదడు రెండు వైపులా హిప్పోకాంపస్‌లో చాలా భాగం తీసేశారు, ఇందాక ఎలుకల్లో కొత్త కణాలు పుట్టాయన్నానే, అదే భాగం. ఆ తర్వాత 2008లో చనిపోయేదాకా కొత్తగా పరిచయమైన మనిషి ఆయన మనసులో నిలవలేదు, ఏళ్ళ తరబడి తనని పరీక్షిస్తున్న శాస్త్రవేత్త గది దాటి వెళ్ళి వస్తే మళ్ళీ కొత్తే. అయినా ఆయన మర్యాద, ఓపిక, మంచితనం గురించి ఆయనతో పనిచేసిన వాళ్ళు చెబుతూనే ఉన్నారు.

2015లోనే ఇంకో పరిశోధన వచ్చింది. మెదడు, నరాలు క్షీణించే జబ్బులున్న వాళ్ళ కుటుంబ సభ్యుల్ని, మీ మనిషి మీకు ఇంకా అదే మనిషిలా అనిపిస్తున్నాడా అని అడిగారు. అల్జీమర్స్ ఉన్న వాళ్ళ కంటే, మెదడు ముందు భాగం దెబ్బతిని స్వభావం మారిపోయే డిమెన్షియా ఉన్న వాళ్ళ ఇళ్ళల్లో మా మనిషి కాదనిపిస్తోంది అన్న మాట ఎక్కువ వినిపించింది. జ్ఞాపకం పోవడం కంటే దయ, నిజాయితీ లాంటివి మారిపోవడమే వాళ్ళకి పరాయితనంలా తోచింది. ఇంట్లో అల్జీమర్స్ ఉన్న పెద్దవాళ్ళని చూసుకుంటున్న వాళ్ళు ఇది మీ అనుభవంతో సరిచూసుకోండి. పేరు మర్చిపోయిన అమ్మ కూడా నువ్వు తిన్నావా అని అడుగుతుంటే, ఆవిడ మీకు అమ్మలానే ఉంటుంది కదా. ఎదుటివాళ్ళతో మెలిగే ఆ తీరు ఏ జన్యువులోనో, ఏ ఒక్క జ్ఞాపకంలోనో కూర్చుని లేదు, బతికిన ఇన్నేళ్ళ చిన్న చిన్న అడుగులన్నీ కలిసి అలా స్థిరపడింది.

నేను చెప్పాలనుకున్నది ఇంతే. ఇక మీ ప్రశ్నలు అడగండి. ఈ హాల్లో కవలలెవరైనా ఉంటే మాత్రం ముందు మైక్ వాళ్ళకే ఇద్దాం, ఎక్కడెక్కడ ఇద్దరికీ కుదరదో వాళ్ళ నోటితోనే వినాలని ఉంది.