దస్తావేజు చదవడం దగ్గర మొదలు

(ఒంగోలులో ఇంటర్మీడియట్, డిగ్రీ విద్యార్థుల సభలో ఒక న్యాయవాది చేసిన ప్రసంగ పాఠం)

అధ్యక్షులకు, అధ్యాపకులకు, విద్యార్థినీ విద్యార్థులకు, వారి వెంట వచ్చిన తల్లిదండ్రులకు నమస్కారం.

లా చదవాలనుకునే పిల్లలు నా ఆఫీసుకు వచ్చినప్పుడు సాధారణంగా రెండు ప్రశ్నలు అడుగుతారు. ఏ ఎంట్రన్సు రాయాలన్నది మొదటిది. తెలుగు మీడియంలో చదివినవాళ్లు లాయర్లుగా నిలబడగలరా అన్నది రెండోది. ఈ రెండింటికీ నాకు తెలిసినంత మేరకు సమాధానం చెబుతాను. అయితే వాళ్లెవరూ అడగని విషయం ఒకటుంది. దాదాపు ముప్పై ఏళ్లు ఈ జిల్లా కోర్టుల్లో తిరిగిన తరువాత, ఈ వృత్తికి అదే పునాది అని నాకు నమ్మకం కుదిరింది. ఒక కాగితాన్ని చేతికి తీసుకుని, తేదీతో సహా, సంతకంతో సహా, చివరి పేజీ వెనుక ఉన్న ముద్రతో సహా పూర్తిగా చదవడమే ఆ విషయం. ఈ రోజు ఎక్కువ సేపు దాని గురించే మాట్లాడతాను.

ముందు ఎంట్రన్సుల సంగతి చెప్పి ముగిస్తాను. ఇంటర్మీడియట్ పూర్తిచేసినవారు ఐదేళ్ల కోర్సులో, డిగ్రీ పూర్తిచేసినవారు మూడేళ్ల కోర్సులో చేరవచ్చు. మన రాష్ట్రంలోని కళాశాలలకు ఏపీ లాసెట్ ద్వారా ప్రవేశం దొరుకుతుంది. గంటన్నరలో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి. అందులో సామాన్య జ్ఞానానికి 30, వర్తమాన వ్యవహారాలకు 30, న్యాయశాస్త్ర అభిరుచికి 60 మార్కులు ఉంటాయి. ప్రశ్నపత్రం తెలుగులో కూడా ఇస్తారు, తప్పు జవాబుకు మార్కు కోత లేదు. జాతీయ న్యాయ విశ్వవిద్యాలయాలకు, అంటే హైదరాబాదులోని నల్సార్, విశాఖపట్నంలో దామోదరం సంజీవయ్య గారి పేరున 2008లో ఏర్పడిన విశ్వవిద్యాలయం వంటి వాటికి, క్లాట్ రాయాలి. దానిలో కూడా 120 ప్రశ్నలే ఉన్నా పరీక్ష పూర్తిగా ఇంగ్లీషులో ఉంటుంది, ప్రతి తప్పు జవాబుకు పావు మార్కు పోతుంది, ప్రశ్నలన్నీ పెద్ద పెద్ద పేరాల మీద ఆధారపడి ఉంటాయి. ఇంటి పరిస్థితి సహకరిస్తే తప్పక ప్రయత్నించండి. సహకరించకపోతే మాత్రం అప్పుచేసి దూరం పోకపోయినా నష్టం లేదని పెద్దగా చెబుతున్నాను. నెల్లూరు వి.ఆర్. లా కాలేజీలో చదివి కోర్టు హాల్లో నిలబడినవాడిని ఏ జడ్జిగారూ నీది ఏ కాలేజీ అని అడగరు. వాయిదాకు సిద్ధమై వచ్చావా లేదా అన్నదే అక్కడ చూస్తారు.

చేరిన తరువాత క్లాసులకు వెళ్లండి. పరీక్షకు కూర్చోవడానికి 70 శాతం హాజరు ఉండాలని బార్ కౌన్సిల్ నియమం చెబుతున్నా, పేరు రాయించుకుని పరీక్షల ముందు మాత్రమే కనబడే అలవాటు మన వైపు చాలాకాలం సాగింది. ఆ అలవాటు వల్ల పట్టా ఉండి కూడా వకాల్తా, అంటే కక్షిదారుడు తన తరఫున వాదించే అధికారం లాయరుకు ఇచ్చే పత్రం, నింపడం రాని కుర్రవాళ్లను నేను చూశాను. వాళ్ల తప్పు కంటే వాళ్లను అలా వదిలేసిన పెద్దల తప్పే ఎక్కువని బాధపడ్డాను. మూడేళ్ల కోర్సులో 12 వారాలు, ఐదేళ్ల కోర్సులో 20 వారాలు ఇంటర్న్‌షిప్ చేయాలన్న నియమం కూడా ఉంది. దానికి సర్టిఫికెట్టు మాత్రమే సంపాదించుకుని సరిపెట్టుకోకండి.

ఇక కాగితం సంగతికి వస్తాను.

మీలో చాలామంది ఇళ్లలో ఒక ట్రంకు పెట్టె ఉంటుంది. అందులో తాతగారి నాటి క్రయ దస్తావేజు, శిస్తు రసీదులు, పట్టాదారు పాసుపుస్తకం, ఎప్పుడో రాసుకున్న పంపకాల కాగితం ఉంటాయి. అమ్మానాన్నల అనుమతి తీసుకుని ఈ సెలవుల్లో వాటిని బయటికి తీయండి. దస్తావేజు షెడ్యూలులో తూర్పున ఎవరి పొలం, పడమర ఏ డొంక అని రాశారో చూసి, ఆ హద్దులు అంతకు ముందరి లింకు దస్తావేజులో కూడా అలాగే ఉన్నాయా, ఎకరాలూ సెంట్లూ కలిశాయా, అడంగల్‌లోనూ 1-బి లోనూ (ఇవి రెవెన్యూ రికార్డులు) అదే సర్వే నంబరు ఎవరి పేరున ఉందో సరిచూడండి. ఆ నంబరు రిజిస్ట్రేషన్ చట్టం 22-ఏ కింది నిషేధిత జాబితాలో, అంటే రిజిస్ట్రేషన్ చేయకూడని భూముల జాబితాలో, ఉందేమో తెలుసుకోండి. రెవెన్యూ రికార్డులో పట్టాదారు పేరుండాల్సిన చోట చుక్కలు పెట్టి వదిలేసిన భూముల వల్ల, అంటే మనం చుక్కల భూములు అని పిలిచే వాటి వల్ల, ఎన్ని రైతు కుటుంబాలు ఎన్నేళ్లు ఆఫీసుల చుట్టూ తిరిగాయో మీ ఊళ్లో పెద్దవాళ్లను అడిగితే చెబుతారు. ఆ చుక్కలను చూడడమే న్యాయవిద్యలో మీ మొదటి పాఠం అవుతుంది.

అదే పెట్టెలో ఉన్న పంపకాల కాగితాన్ని ఇప్పుడు చూడండి. కొడుకులు మాత్రమే సంతకాలు చేశారా, కూతుళ్లు కూడా చేశారా? హిందూ వారసత్వ చట్టానికి మన రాష్ట్రం 1986లో చేసిన సవరణ, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి కుటుంబ ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. కాని ఆ తేదీకి ముందే పెళ్లయిన కూతురిని బయట ఉంచింది. అంటే ఒకే ఇంట్లో అక్కకు లేని హక్కు చెల్లెలికి వచ్చింది. తరువాత 2005 సెప్టెంబరు 9 నుంచి అమలైన కేంద్ర సవరణ ఆ తేడాను తీసివేసింది. తండ్రి ఆనాటికి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో నిమిత్తం లేదని సుప్రీంకోర్టు 2020 ఆగస్టులో తేల్చింది. అయినా 2004 డిసెంబరు 20కి ముందే రిజిస్టరైన పంపకాన్ని ఆ సవరణ కదిలించదు. ఇప్పుడు మీ ఇంటి కాగితం మీది తేదీ ఎంత? అది రిజిస్టరైందా, లేక తెల్లకాగితం మీద రాసుకున్నదా? మీ మేనత్త పెళ్లి ఏ సంవత్సరంలో జరిగింది? ఈ మూడు సంగతులు తెలియకుండా ఆమెకు వాటా ఉందని గాని లేదని గాని ఎంత గొప్ప లాయరైనా చెప్పలేడు. చట్టం పుస్తకంలో ఉంటుంది, పుస్తకం అందరికీ దొరుకుతుంది. తేదీ మాత్రం మీ పెట్టెలో ఉంటుంది.

నేను ఈ సంగతి ఇంత పట్టుబట్టి చెప్పడానికి కారణం కూడా చెప్పాలి. నేను జూనియర్‌గా చేరిన రెండో ఏడు, 1997లో, సముద్రం పక్క ఊరి నుంచి రొయ్యపిల్లల వ్యాపారి ఒకాయన చెల్లని చెక్కుతో మా ఆఫీసుకు వచ్చాడు. రొయ్యల చెరువులకు తెగులు వచ్చి ఎందరో దెబ్బతిని ఉన్న రోజులవి. ఆయనకు రావలసింది లక్షా యాభై వేలు. చెక్కు చెల్లలేదని బ్యాంకు తెలిపాక అప్పట్లో 15 రోజుల్లో నోటీసు ఇవ్వాలి. నోటీసు అందినవాడికి డబ్బు కట్టడానికి 15 రోజుల గడువు ఉంటుంది. అది దాటిన నెలలోపు ఫిర్యాదు దాఖలు చేయాలి. నోటీసు సకాలంలోనే పంపాను. పోస్టు నుంచి తిరిగి వచ్చిన అక్నాలెడ్జ్‌మెంటు కార్డు మీద ఉన్న ముద్ర చూసి దాని ప్రకారం రోజులు లెక్కపెట్టుకున్నాను. అవతలివాడు తన సంతకం కింద చిన్న అక్షరాల్లో వేసిన తేదీని నేను చదవలేదు. అతనికి నోటీసు అందింది ఆ రోజున. నాలుగు రోజుల తేడా వచ్చింది. ఆ ఆలస్యాన్ని మన్నించే అధికారం అప్పటికి కోర్టుకు లేదు, అది 2003లో అమలైన సవరణతో వచ్చింది. ఫిర్యాదు కొట్టివేశారు.

ఆ సాయంత్రం మా సీనియర్ గారు నన్ను కేకలు వేయలేదు. కార్డు నా ముందు పెట్టి, "చదువయ్యా" అన్నారు. చదివాను. "ఇదే పని ఆ రోజు చేసి ఉంటే సరిపోయేది" అని, మూడేళ్ల కాలపరిమితి ఇంకా ఉంది గనుక సొమ్ము రాబట్టేందుకు సివిల్ దావా తయారు చేయించారు. కోర్టు ఫీజు ఆయనే కట్టారు. ఆ వ్యాపారి మాత్రం గుమ్మం దగ్గర నిలబడి, "ప్లీడరు గారూ, నాలుగు రోజులకే నా డబ్బు పోతుందా?" అని అడిగాడు. దావా నెగ్గాడు, అయితే అమలు పిటిషను కూడా పూర్తయి డబ్బు చేతికి అందడానికి ఆరేళ్లు పట్టింది. ఆ ఆరేళ్లూ ఆయన నన్ను చూసి నమస్కారం పెడుతూనే ఉన్నాడు. ఆ నమస్కారాన్ని భరించడం నాకు చాలా కష్టమైంది.

భాష గురించి ఇప్పుడు చెబుతాను. చట్టాలు, పై కోర్టుల తీర్పులు ఇంగ్లీషులో ఉంటాయి, కాబట్టి ఇంగ్లీషు నేర్చుకోక తప్పదు. దానికి రోజుకు ఒక తీర్పులో రెండు పేజీలు నిఘంటువు పక్కన పెట్టుకుని చదివితే ఏడాదికి భయం పోతుంది. నేను అలాగే నేర్చుకున్నాను. అయితే కనిగిరి నుంచో దర్శి నుంచో వచ్చిన రైతు తన గోడు ఇంగ్లీషులో చెప్పడు. సాక్షి బోనులో నిలబడిన ముసలమ్మ "ఆ పొద్దు చీకటి పడేయేళ" అన్నప్పుడు అది ఎన్ని గంటల వేళో, ఏ కార్తెలో అయితే వెలుగు ఎంత ఉంటుందో అర్థం చేసుకుని తరువాతి ప్రశ్న వేయగలవాడే క్రాస్ ఎగ్జామినేషన్ చేయగలడు. మీ ఊరి తెలుగు మీకు బరువు కాదు, పెట్టుబడి. పాత దస్తావేజుల్లోని గొలుసుకట్టు రాత చదవగలిగిన జూనియర్లు ఇప్పుడు ఒంగోలులో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నారు.

ఇంకొక మాట. 2024 జులై 1 నుంచి పాత నేర చట్టాల స్థానంలో భారతీయ న్యాయ సంహిత, నాగరిక సురక్షా సంహిత, సాక్ష్య అధినియమం అమలులోకి వచ్చాయి. జనం నోట ఇంకా 420 అనే మాట ఉన్నా మోసానికి ఇప్పటి సెక్షను 318. ఆ తేదీకి ముందు జరిగిన నేరాలకు పాత శిక్షాస్మృతే వర్తిస్తుంది గనుక మీ తరం రెండూ చదవాలి. ఇక్కడ కూడా తేదీయే నిర్ణయిస్తుందని గమనించండి.

పట్టా చేతికి వచ్చాక స్టేట్ బార్ కౌన్సిల్‌లో పేరు నమోదు చేసుకోవాలి. అడ్వొకేట్స్ చట్టం ప్రకారం ఆ రుసుము సాధారణ అభ్యర్థులకు మొత్తం 750 రూపాయలు, ఎస్సీ, ఎస్టీ అభ్యర్థులకు 125 రూపాయలు. అంతకు మించి వసూలు చేయరాదని సుప్రీంకోర్టు 2024 జులై 30న తీర్పు చెప్పింది. పేద కుటుంబాల పిల్లలకు ఈ తీర్పు ఎంత మేలు చేసిందో నాకు తెలుసు. తరువాత ఆలిండియా బార్ పరీక్ష పాసు కావాలి. అందులో 100 ప్రశ్నలుంటాయి, వ్యాఖ్యలు లేని చట్టాల పుస్తకాలు హాల్లోకి తీసుకువెళ్లవచ్చు. పుస్తకం తెరిచి రాసే పరీక్షలో తప్పేవాళ్లు కూడా ఉన్నారంటే ఆ పుస్తకాన్ని వాళ్లు మొదటిసారి ఆ హాల్లోనే తెరిచి ఉంటారని అనుకోవాలి.

కాలేజీ నుంచి నేరుగా జడ్జి పరీక్ష రాయాలని కలగన్నవారికి 2025 మే 20 నాటి తీర్పు నిరాశ కలిగించి ఉండవచ్చు. జూనియర్ సివిల్ జడ్జి పోస్టుకు మూడేళ్ల ప్రాక్టీసు ఉండాలన్న నియమాన్ని సుప్రీంకోర్టు తిరిగి తెచ్చింది. నేను ఆ తీర్పును సమర్థిస్తాను. కక్షిదారుడి పక్కన బెంచీ మీద కూర్చోనివారు అతని భూమి మీద తీర్పు రాయడం నాకు సమంజసంగా తోచదు. అయితే ఆ మూడేళ్లు తినడానికి ఏం చేయాలని అడిగే అమ్మాయికి నా దగ్గర సులభమైన సమాధానం లేదు. జూనియర్‌కు నెలకు పట్టణాల్లో 20,000, గ్రామీణ ప్రాంతాల్లో 15,000 రూపాయలకు తగ్గకుండా ఇవ్వాలని బార్ కౌన్సిల్ ఆఫ్ ఇండియా 2024 అక్టోబరులో సూచించింది. సూచనే, ఆజ్ఞ కాదు. ఈ సభలో ఉన్న నా తోటి సీనియర్లను చేతులు జోడించి అడుగుతున్నాను. జూనియర్ చేత పని చేయించుకుని బస్సు ఛార్జీలిచ్చి పంపే పద్ధతిని మనం ఆపేయాలి. అది ఆపకపోతే ఈ వృత్తి ఉన్నవాళ్ల పిల్లలకే మిగులుతుంది.

మన జిల్లాకు పేరిచ్చిన టంగుటూరి ప్రకాశం పంతులు గారికి పదకొండేళ్ల వయసులో తండ్రి పోయారు. తల్లి సుబ్బమ్మ గారు ఇదే ఒంగోలులో పూటకూళ్లు నడిపి పిల్లల్ని పెంచారు. ఆయన ద్వితీయ శ్రేణి ప్లీడరుగా రాజమండ్రిలో పనిచేసి, తరువాత ఇంగ్లండు వెళ్లి బారిస్టరై, మద్రాసు హైకోర్టులో పేరు తెచ్చుకున్నారు. సుబ్బమ్మ గారి వంటి తల్లులు ఈ సభలో కూడా కనబడుతున్నారు కాబట్టి ఈ సంగతి చెప్పాను.

సీనియర్‌ను ఎంచుకునేటప్పుడు ఆయన ఆఫీసు ఎంత పెద్దదో చూడకండి. డ్రాఫ్టును ఎర్ర ఇంకుతో దిద్ది తిరిగి ఇచ్చే అలవాటు ఆయనకు ఉందా, ఇంజంక్షన్ పిటిషన్లు, ప్రామిసరీ నోటు దావాల వంటి చిన్న కేసుల్లో మిమ్మల్ని నిలబడి మాట్లాడనిస్తారా అన్నది ఆయన పాత జూనియర్లను అడిగి తెలుసుకోండి. ఆడపిల్లలైతే అక్కడ ఇంతకు ముందు పనిచేసిన ఆడపిల్లలను అడగండి.

చివరగా, కోర్టు అందరికీ తెరిచి ఉండే చోటు. చూడడానికి ఎవరి సిఫారసూ అవసరం లేదు. వచ్చే సోమవారం ఉదయం పదిన్నరకు ముందే జూనియర్ సివిల్ జడ్జి కోర్టుకు వచ్చి వెనుక బెంచీలో కూర్చోండి. సెల్‌ఫోను ఆపేసి, చిన్న నోటుపుస్తకం తెచ్చుకోండి. పిలిచిన ప్రతి కేసుకు ఏ వాయిదా వేశారో, ఎందుకు వేశారో రాసుకోండి. మధ్యాహ్నం భోజనం వేళ నేను బార్ అసోసియేషన్ మెట్ల దగ్గర ఉంటాను. మీరు రాసుకున్నది తెచ్చి చూపిస్తే కలిసి చదువుదాం.