ఎర్ర కారు బరువెంత? 2007 ఫార్ములా వన్ గూఢచర్యం కథ

రమ్య: అందరికీ నమస్కారం. ఈ రోజు 2007 గురించి మాట్లాడుకుందాం. ఫార్ములా వన్‌లో ఫెరారీ రహస్యాలు మెక్‌లారెన్ చేతికి చిక్కిన ఏడాది. సుధీర్ అన్నా, ఎక్కణ్నుంచి మొదలుపెడతారు? జిరాక్స్ షాపు దగ్గర్నుంచేనా?

సుధీర్: అందరూ అక్కడే మొదలుపెడతారు రమ్యా. మనం ఒక ఈమెయిల్‌తో మొదలుపెడదాం. 2007 మార్చి 21న మెక్‌లారెన్ టెస్ట్ డ్రైవర్ పెద్రో డి లా రోసా తమ చీఫ్ డిజైనర్ మైక్ కాగ్లన్‌ని ఒక విషయం అడిగాడు. ఎర్ర కారు బరువు ముందు చక్రాల మీద ఎంత పడుతోంది, వెనక ఎంత పడుతోంది, నీకు తెలుసా అని. తెలిస్తే సిమ్యులేటర్‌లో పెట్టి చూడొచ్చన్నాడు. ఎర్ర కారంటే ఫెరారీ అని వేరే చెప్పక్కర్లేదు కదా.

రమ్య: ఇంత కేసూ ఆ ఒక్క ప్రశ్న మీదా? ఇంజిన్ డిజైనో, రెక్కల డ్రాయింగో అడిగాడంటే అర్థం ఉంది. బరువు తెలుసుకుని ఏం చేస్తారు?

సుధీర్: అసలు సంగతి అదే. అప్పట్లో కారు, డ్రైవర్ కలిపి కనీసం 605 కిలోలు ఉండాలని రూలు. టీములు కారును అంతకంటే తేలిగ్గా కట్టి, మిగిలిన బరువును లోహపు దిమ్మల రూపంలో తమకు కావలసిన చోట బిగించేవి. అంటే బరువు ఎక్కడ పడాలన్నది ఆ టీము కావాలని తీసుకున్న నిర్ణయం. ఆ నిర్ణయం వెనక బోలెడంత టెస్టింగ్ ఉంటుంది. పైగా ఆ ఏడాది టైర్లు మారాయి. 2006 దాకా మెక్‌లారెన్ మిషెలిన్ టైర్ల మీద పరిగెత్తింది, ఫెరారీ బ్రిడ్జ్‌స్టోన్ మీద. మిషెలిన్ తప్పుకోవడంతో 2007లో అందరికీ బ్రిడ్జ్‌స్టోనే. ఆ టైర్లతో ఫెరారీకి ఏళ్ల తరబడి కాపురం, మెక్‌లారెన్‌ది కొత్త సంసారం. అప్పుడు ఫెరారీ బరువు ఎక్కడ పెట్టిందో తెలిస్తే ఎంత లాభమో చూడు.

రమ్య: సరే, ఇప్పుడు అర్థమైంది. మరి జవాబు వచ్చిందా?

సుధీర్: వచ్చింది, అదీ దశాంశ స్థానాలతో సహా. డి లా రోసా ఆ అంకెల్ని ఫెర్నాండో అలోన్సోకి పంపాడు. అలోన్సో ఆ ముందు రెండేళ్లూ వరుసగా ప్రపంచ చాంపియన్, అప్పుడే మెక్‌లారెన్‌లో చేరాడు. అతను ఆశ్చర్యపోయి, ఇవి నమ్మొచ్చా అని అనుమానపడ్డాడు. దానికి డి లా రోసా ఏమన్నాడంటే, నమ్మొచ్చు, ఇది స్టెప్నీ దగ్గర్నుంచి వచ్చింది, ఆస్ట్రేలియాలో ఫెరారీ డ్రైవర్ కిమి పద్దెనిమిదో ల్యాప్‌లో పిట్‌లోకి, అంటే టైర్లూ ఇంధనం కోసం పక్కకి, వస్తాడని మనకు చెప్పింది కూడా ఇతనే, అని.

రమ్య: పేరు నిజంగా స్టెప్నీయేనా? (నవ్వు)

సుధీర్: నిజంగానే! నైజెల్ స్టెప్నీ. ఇంగ్లీషువాడు, 1993 నుంచి ఫెరారీలో ఉన్నాడు. మైఖేల్ షూమాకర్ టైటిళ్ల మీద టైటిళ్లు కొట్టిన కాలంలో చీఫ్ మెకానిక్ ఇతనే. 2006 చివర్లో షూమాకర్ రిటైరయ్యాడు, టెక్నికల్ డైరెక్టర్ రాస్ బ్రాన్ సెలవు తీసుకుని వెళ్లిపోయాడు. తర్వాత జరిగిన మార్పులు స్టెప్నీకి నచ్చలేదు, ఆ మాట పత్రికలకే చెప్పేశాడు. ఫెరారీ అతన్ని రేసుల నుంచి తప్పించి ఫ్యాక్టరీలో కూర్చోబెట్టింది. ఈ కాగ్లన్, స్టెప్నీ ఒకప్పుడు లోటస్ టీములో కలిసి పనిచేసినవాళ్లే.

రమ్య: అంటే అలిగిన మనిషీ, పాత స్నేహితుడూ. కానీ అన్నా, స్టెప్నీ మొదట చేసింది తప్పేనా అని నా డౌటు. ఫెరారీ కారు అడుగు భాగం గురించి చెప్పాడు కదా?

సుధీర్: మంచి పాయింట్. ఫెరారీ కారు అడుగున ముందువైపు ఒక స్ప్రింగ్ లాంటి ఏర్పాటు ఉండేది. పరీక్షలో బరువు పెట్టి నొక్కితే కదలదు, పాసైపోతుంది. ట్రాక్ మీద స్పీడ్ పెరిగితే మాత్రం అది పైకి కదిలి, కారు నేలకి ఇంకా దగ్గరవుతుంది. స్టెప్నీ ఈ విషయం కాగ్లన్‌కి చెప్పాడు. ఫార్ములా వన్ రూల్స్ చూసే సంస్థ ఎఫ్‌ఐఏని మెక్‌లారెన్ వివరణ అడిగింది. ఎఫ్‌ఐఏ పరీక్ష పద్ధతి మార్చేసింది. ఈలోపు ఆస్ట్రేలియా రేసు ఫెరారీయే గెలిచిందనుకో. ఇంతవరకు ఆగి ఉంటే స్టెప్నీని నేను కూడా వెనకేసుకొచ్చేవాణ్ని. రూలు తప్పుతున్నారని చెప్పడం ఒకటి, బరువు లెక్కలూ పిట్‌స్టాప్ ల్యాపులూ చెప్పడం ఇంకొకటి.

రమ్య: ఆ తర్వాతే కాగితాల కట్ట వచ్చింది.

సుధీర్: అవును, దాదాపు 780 పేజీలు. కాగ్లన్ ఇంటికి చేరాయి. వాటిని సీడీల్లోకి ఎక్కించుకోవాలని అతని భార్య ఇంగ్లండ్‌లోని సర్రీ ప్రాంతంలో ఒక జిరాక్స్ షాపుకి తీసుకెళ్లింది. అక్కడ పనిచేసే మనిషి ఫార్ములా వన్ పిచ్చోడు, అందులోనూ ఫెరారీ అభిమాని! పేజీలు చూసి, ఇవి ఇక్కడికెలా వచ్చాయని నేరుగా ఫెరారీకే మెయిల్ పెట్టాడు.

రమ్య: ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడంటారు. ఇక్కడ జిరాక్స్ షాపువాడు పట్టేశాడు.

సుధీర్: (నవ్వు) ఫెరారీకి అప్పటికే స్టెప్నీ మీద వేరే అనుమానం ఉంది. మొనాకో రేసుకి ముందు ఇంధన ట్యాంకుల దగ్గర ఏదో పొడి దొరికిందని ఇటలీలో క్రిమినల్ కంప్లయింట్ ఇచ్చారు. తనకేం సంబంధం లేదన్నాడు స్టెప్నీ. జూలై 3న అతన్ని ఉద్యోగంలోంచి తీసేశారు, అదే రోజు కాగ్లన్ ఇల్లు సోదా చేశారు. ఇటలీ పోలీసులు తీసిన లెక్క చూస్తే, మార్చి 11 నుంచి జూలై 3 దాకా ఇద్దరి మధ్య కనీసం 288 ఎస్సెమ్మెస్‌లు, 35 ఫోన్ కాల్స్.

రమ్య: అంత జరిగినా జూలై 26న మెక్‌లారెన్ శిక్ష లేకుండా బయటపడింది!

సుధీర్: బయటపడింది. ఫెరారీ సమాచారం దగ్గర పెట్టుకోవడం తప్పే, కానీ వాడుకున్నట్టు రుజువు లేదు కాబట్టి శిక్ష లేదన్నారు. మెక్‌లారెన్ వాదన సింపుల్. ఇదంతా కాగ్లన్ ఒక్కడి పని, మా కారు మీద ఫెరారీ భాగం ఒక్కటి కూడా లేదు, వచ్చి చూసుకోండి అని. బాస్ రాన్ డెన్నిస్ ఆ మాట మీదే నిలబడ్డాడు. ఈ డ్రైవర్ల మెయిళ్ల సంగతి అప్పటికి ఆయనకు తెలియదు.

రమ్య: ఎలా తెలిసింది మరి?

సుధీర్: సొంత డ్రైవరే చెప్పాడు. ఆగస్టు మొదటి వారం, హంగరీ. శనివారం క్వాలిఫయింగ్‌లో, అంటే రేసులో ఎవరు ఏ స్థానం నుంచి మొదలుపెట్టాలో తేల్చే పోటీలో, అలోన్సో పిట్‌లో కావాలని ఆగిపోయాడు. వెనక లూయిస్ హామిల్టన్ ఎదురుచూస్తున్నాడు. ఆ కుర్రాడికి అదే మొదటి సీజన్, అయినా అలోన్సోకి నిద్ర లేకుండా చేస్తున్నాడు. ఆ ఆలస్యంతో హామిల్టన్‌కి చివరి ల్యాప్ దక్కలేదు. అలోన్సోని ఐదు స్థానాలు వెనక్కి నెట్టారు, ఆ రేసులో మెక్‌లారెన్‌కి టీము పాయింట్లు ఇచ్చేది లేదన్నారు. ఆదివారం పొద్దున్న అలోన్సోకీ డెన్నిస్‌కీ పెద్ద గొడవ. నా దగ్గర మెయిళ్లున్నాయని అలోన్సో అన్నాడని డెన్నిస్ తర్వాత విచారణలో చెప్పాడు. డెన్నిస్ వెంటనే ఎఫ్‌ఐఏ అధ్యక్షుడు మ్యాక్స్ మోస్లీకి ఫోన్ చేసి తనే ఆ విషయం చెప్పాడు.

రమ్య: తన మీద తనే ఫిర్యాదు చేసుకున్నట్టుందే!

సుధీర్: అలోన్సో తర్వాత తన మాట వెనక్కి తీసుకున్నాడనీ డెన్నిస్ చెప్పాడు. కానీ తేనెతుట్టె కదిలింది. నెలాఖరున ఎఫ్‌ఐఏ ముగ్గురు డ్రైవర్లకూ ఉత్తరాలు రాసింది. ఉన్నవి ఇచ్చేయండి, మీ మీద వ్యక్తిగతంగా చర్య ఉండదు అని. హామిల్టన్ తన దగ్గర ఏమీ లేవన్నాడు. మిగతా ఇద్దరూ మెయిళ్లు ఇచ్చేశారు. సెప్టెంబర్ 13న పారిస్‌లో తీర్పు. ఆ ఏడాది మెక్‌లారెన్ టీము పాయింట్లన్నీ రద్దు, 10 కోట్ల డాలర్ల జరిమానా. అప్పటి లెక్కలో సుమారు 400 కోట్ల రూపాయలు. మూడు రోజుల తర్వాత బెల్జియంలో ఫెరారీ టీము చాంపియన్‌షిప్ ఖాయం చేసుకుంది.

రమ్య: ఇక్కడే నాకు అభ్యంతరం. డి లా రోసా ఆ బరువు లెక్కల్ని సిమ్యులేటర్‌లో అసలు వాడనేలేదన్నాడు. మా కారుకీ దానికీ చాలా తేడా ఉంది, పనికిరాదని ఇంజినీరుతో మాట్లాడి వదిలేశామన్నాడు. వాడని దానికి 400 కోట్లా?

సుధీర్: వదిలేశారు, నిజమే. కానీ ఎలా వదిలేశారు? చూసి వదిలేశారు. పరీక్షలో పక్కవాడి పేపర్ చూసి, ‘వీడు వేరే పద్ధతిలో చేశాడు, నేను నాదే రాస్తాను’ అనుకున్నా చూసినట్టే. ఏది చేయకూడదో తెలియడం కూడా ఈ ఆటలో డబ్బే. ఒక దారి వద్దనుకోవడానికి టీములు వారాల తరబడి విండ్ టన్నెల్‌లో, అంటే గాలి వీచి కారును పరీక్షించే సొరంగంలో, పడుంటాయి. ఎఫ్‌ఐఏ కూడా ఇంచుమించు అదే చెప్పింది. మొత్తం డిజైన్ కాపీ కొట్టక్కర్లేదు, డ్రైవర్ ఆలోచన మీద ప్రభావం పడినా లాభం పొందినట్టే అని.

రమ్య: అయితే ఒక ఇంజినీర్ ఫెరారీ మానేసి మెక్‌లారెన్‌లో చేరితే? అతని బుర్రలో ఉన్నదంతా వెంట వెళ్తుంది కదా. అది తప్పు కాదు!

సుధీర్: కాదు, మనిషి అనుభవాన్ని ఎవరూ ఆపలేరు. కాగితం పట్టుకెళ్తే తప్పు. ఆ గీత నాకు పూర్తిగా నచ్చదు కానీ, అంతకంటే మంచి గీత ఎవరూ గీయలేకపోయారు. అదే ఏడాది డిసెంబర్‌లో చూడు. మెక్‌లారెన్‌లోంచి రెనో అనే ఇంకో టీముకి వెళ్లిన ఇంజినీర్ ఫ్లాపీ డిస్కుల్లో డ్రాయింగులు తీసుకెళ్లాడని తేలింది. రెనో దోషి అన్నారు. శిక్ష సున్నా.

రమ్య: సున్నా?! మెక్‌లారెన్‌కి 10 కోట్ల డాలర్లు, రెనోకి ఏమీ లేదా?

సుధీర్: ఆ తేడా నాకూ మింగుడుపడలేదు. అంతకంటే మింగుడుపడనిది డ్రైవర్ల పాయింట్లు. కారు మోసంతో లాభపడిందని టీము పాయింట్లు తీసేశారు. మరి అదే కారు నడిపిన డ్రైవర్ల పాయింట్లు ఎందుకు ఉంచారు? మెయిళ్లు చదివిన అలోన్సో టైటిల్ గెలిచే స్థితిలో చివరి రేసుదాకా వెళ్లాడు. సాక్ష్యం కావాలి కాబట్టి మాటిచ్చారు, అది అర్థమవుతుంది. కానీ అలోన్సో గెలిచి ఉంటే ఎఫ్‌ఐఏ ఏ మొహం పెట్టుకుని ట్రోఫీ ఇచ్చేది?

రమ్య: గెలవలేదు కాబట్టి సరిపోయింది. బ్రెజిల్‌లో కిమి రైకొనెన్ కొట్టేశాడు.

సుధీర్: ఫెరారీ డ్రైవర్! 110 పాయింట్లు. హామిల్టన్, అలోన్సో చెరో 109.

రమ్య: స్టెప్నీ, కాగ్లన్ ఏమయ్యారు?

సుధీర్: కాగ్లన్ కొన్నేళ్లకి మళ్లీ ఫార్ములా వన్‌లోకి వచ్చాడు, 2011లో విలియమ్స్ టీములోకి. స్టెప్నీకి ఆ దారి మూసుకుపోయింది. 2010లో ఇటలీ కోర్టు 20 నెలల శిక్ష వేసింది కానీ జైలుకి వెళ్లాల్సి రాలేదు. జీటీ రేసుల్లో పనిచేశాడు. 2014లో ఇంగ్లండ్‌లో రోడ్డు ప్రమాదంలో చనిపోయాడు.

రమ్య: అయ్యో. అలోన్సో ఆ ఏడాదే మెక్‌లారెన్ వదిలేశాడు కదూ?

సుధీర్: మూడేళ్ల ఒప్పందం, ఒక్క ఏడాదికే అయిపోయింది. తిరిగి రెనోకే వెళ్లాడు. ఇంకో లెక్క చెప్తాను విను. ఈ గూఢచర్యం కేసే లేదనుకో. హామిల్టన్, అలోన్సో కలిపి 218. హంగరీలో పిట్ గొడవ వల్ల పోయిన 15 తీసెయ్. 203. ఫెరారీకి 204.

రమ్య: అంటే తీర్పు లేకపోయినా టీము టైటిల్ ఫెరారీదేనా?

సుధీర్: ఒక్క పాయింట్ తేడాతో. మెక్‌లారెన్ హంగరీ శిక్ష మీద అప్పీలుకి వెళ్లింది, అది చెల్లదన్నారు. కాబట్టి ఫెరారీ కాగితాల మాట పక్కన పెట్టినా, అలోన్సో ఆ శనివారం పిట్‌లో ఆగిన కాసేపే వాళ్ల కొంప ముంచేది.

రమ్య: వచ్చే ఎపిసోడ్ 2008 సింగపూర్. కారుని కావాలని గోడకి గుద్దించిన కథ. అందులోనూ రెనో, అలోన్సో ఉన్నారు.

సుధీర్: అలోన్సోకి ఆ ప్లాన్ తెలుసని మాత్రం ఎక్కడా తేలలేదు, అది ఇప్పుడే చెప్పేస్తున్నా. మిగతాది వచ్చే వారం.