వదినకు పడిన గోలీ మీకు పడాలని లేదు

సంఘం అక్కలకు, చెల్లెళ్లకు నమస్తే. పొద్దున హన్మకొండ నుంచి బస్సులో వస్తుంటే, నేను నర్సునని తెలుసుకున్న ఒక చెల్లె బ్యాగులోంచి సగం అయిపోయిన షీటు తీసి, "మేడం, ఇవి మా వదినవి, ఆమెకు పీసీఓడీకి రాసిన్రు, నాకు కూడా నెలలు తప్పుతున్నయని ఇచ్చింది, మింగొచ్చా?" అని అడిగింది. పీసీఓడీ అంటే హార్మోన్లు గాడితప్పి, అండం సరిగా విడుదల కాక నెలలు తప్పే సమస్య. వేరే ఏదో మాట్లాడదామని వచ్చాను కానీ ఇక దీని గురించే చెబుతాను.

ఆ షీటులో ఉన్నవి గర్భం రాకుండా వాడే, రెండు హార్మోన్లు కలిపిన గోలీలు. ఒకటి ఈస్ట్రోజెన్, ఇంకోటి ప్రొజెస్టిన్. ఇవి రోజూ వేసుకుంటే అండం విడుదల కాదు, గర్భసంచి లోపలి పొర పలచగా ఉంటుంది, అందుకే నెలసరిలో రక్తం తగ్గుతుంది, నొప్పి కూడా తగ్గుతుంది. సర్కారు ఉచితంగా ఇచ్చే మాలా-ఎన్ కూడా ఇదే రకం. అందులో 28 గోలీలుంటే 21 మాత్రమే హార్మోన్లవి, మిగతా 7 ఐరన్‌వి. ఆ ఏడు వేసుకునే రోజుల్లోనే బ్లీడింగ్ వస్తుంది, భయపడొద్దు, షీటు అయిపోగానే మర్నాడే కొత్తది మొదలుపెట్టాలి.

పీసీఓడీలో నెలల తరబడి ముట్టు రాకపోతే గర్భసంచి లోపలి పొర అలాగే మందమవుతూ పోతుంది, అది ఏళ్ల తరబడి సాగితే మంచిది కాదు, ఈ గోలీలు ఆ పొరను కాపాడతాయి, మొటిమలు, అవాంఛిత రోమాలు కూడా కొంత తగ్గుతాయి. కానీ జబ్బును మాయం చేయవు. ఆపేస్తే మళ్లీ నెలలు తప్పొచ్చు. అట్లని "ఇవి వాడితే పిల్లలు పుట్టరు" అని అత్తమ్మలు భయపెట్టే మాట కూడా నిజం కాదు, మానేసిన కొన్ని నెలల్లోనే గర్భం వచ్చే శక్తి తిరిగి వస్తుంది. ఏళ్లపాటు వాడినవాళ్లలో అండాశయ క్యాన్సర్ ముప్పు తగ్గుతుందని కూడా తేలింది.

మరి మేడారం జాతరకో, బతుకమ్మకో ముట్టు వెనక్కి జరపడానికి మెడికల్ షాపులో అడిగి తెచ్చుకునే గోలీ ఉంది కదా, ఎక్కువగా నోరెథిస్టెరోన్ ఇస్తారు. అందులో ఒకే హార్మోన్ ఉంటుంది, షీటు గోలీలు వేరు. ఆ నాలుగు రోజుల గోలీతో గర్భం ఆగుతుందనుకోకండి.

ఇప్పుడు అసలు సంగతి. ఈస్ట్రోజెన్ వల్ల రక్తం గడ్డకట్టే గుణం కొంచెం పెరుగుతుంది. ఏడాదికి 10,000 మంది ఆడవాళ్లలో ఈ గోలీలు వాడనివాళ్లకు 1 నుంచి 5 మందికి రక్తనాళంలో గడ్డ వస్తే, వాడేవాళ్లలో 3 నుంచి 9 మందికి వస్తుంది. గర్భిణుల్లో 5 నుంచి 20, కాన్పయిన మొదటి 12 వారాల్లో అయితే 40 నుంచి 65. అంటే చాలామందికి ఏమీ కాదు. కానీ ఆ కొద్దిమందిలో మీరున్నారేమో ముందే అడిగి తెలుసుకోవాలి, నా బాధంతా ఆ అడగకపోవడం గురించే.

నాకు ఇరవై ఎనిమిదేళ్లప్పుడు నెలసరి విపరీతంగా అవుతుంటే ఒక చోట ఈ గోలీలు రాసిచ్చారు. అప్పటికే నాకు తలనొప్పి మొదలయ్యే ముందు కళ్ల ముందు మెరుపు గీతలు తిరిగేవి. బీపీ చూడలేదు, తలనొప్పి ఉందా అని ఒక్క మాట అడగలేదు, నేనూ చెప్పలేదు. మూడో నెలలో ఒకరోజు వంట చేస్తుంటే ఎడమ చేయి అరగంట మొద్దుబారిపోయింది, ఇంట్లో అందరికీ టెన్షన్. వేరే డాక్టరమ్మ దగ్గరికి పోతే ఆమె మొట్టమొదట అడిగింది ఆ మెరుపుల గురించే. అట్లాంటి మైగ్రేన్ ఉన్నవాళ్లకు ఈ గోలీలతో పక్షవాతం ముప్పు పెరుగుతుందని చెప్పి అప్పుడే ఆపించింది.

కాబట్టి బీపీ ఎక్కువున్నవాళ్లు, 35 దాటి బీడీ, చుట్ట తాగేవాళ్లు, ఇంతకుముందు రక్తం గడ్డలు వచ్చినవాళ్లు, రొమ్ము క్యాన్సర్, కాలేయ జబ్బు ఉన్నవాళ్లు, కాన్పయి ఆరు నెలలు నిండని పాలిచ్చే తల్లులు ఇవి వేసుకోవద్దు. టీబీ మందుల్లో ఉండే రిఫాంపిసిన్ ఈ గోలీల బలం తగ్గిస్తుంది, ఫిట్స్‌కు వాడే కొన్ని మందులూ అంతే, వేసుకుంటుంటే డాక్టర్‌కు తప్పక చెప్పండి. వాడుతున్నప్పుడు ఒక కాలి పిక్క వాచి నొప్పి పెట్టినా, ఉన్నట్టుండి ఆయాసం, ఛాతీనొప్పి వచ్చినా, ఎన్నడూ లేని తలనొప్పి వచ్చినా, తెల్లారేదాకా ఆగకండి, ఆసుపత్రికి వెళ్లండి.

బస్సులో ఆ చెల్లెకు, షీటు వదినకు తిరిగిచ్చేయమని చెప్పాను. ఎవరైనా ఎన్నాళ్లుగానో వాడుతూ ఇంతవరకు బీపీ చూపించుకోకపోతే, మిషన్ తెచ్చాను, ఈ బల్ల దగ్గరికి ఒక్కొక్కరు రండి. మెరుపుల తలనొప్పి ఉన్నవాళ్లు ఇంతమందిలో చెప్పడానికి మొహమాటపడితే నాతో ఆ వరండాలోకి రండి, కూర్చుని మాట్లాడుకుందాం.