పోర్టు ఢిల్లీది, బొగ్గుపొడి విశాఖది: కేంద్రాన్ని ఏం అడగాలి?

(స్టూడియో చర్చ నుంచి. పాల్గొన్నవారు: విశ్రాంత పోర్టు ట్రాఫిక్ అధికారి, భీమవరం రొయ్యల ఎగుమతిదారు, విశాఖలో పర్యావరణ శాస్త్రం బోధించే అధ్యాపకురాలు. లాంగ్ బీచ్ నుంచి వీడియోలో సరుకు రవాణా రంగంలో ఉన్న ఒక తెలుగు ఇంజినీరు.)

వ్యాఖ్యాత: నమస్కారం. మన ఎంపీలు ఢిల్లీ బయల్దేరితే జేబులో రైల్వే జోన్ కాగితం ఉంటుంది, స్టీల్ ప్లాంట్ కాగితం ఉంటుంది. పోర్టు కాగితం మాత్రం నాకు ఎప్పుడూ కనబడలేదు. ఏడాదికి 8 కోట్ల టన్నులకు పైగా సరుకు దించి, ఎక్కించే పోర్టు మరి. సార్, మీతోనే మొదలుపెడదాం. విశాఖ పోర్టు ఎవరిది?

అధికారి: కేంద్రానిది. ఇందులో తికమక లేదు. రాజ్యాంగం ఏడో షెడ్యూల్లో మేజర్ పోర్టులు, అంటే కేంద్రం మేజర్ అని ప్రకటించిన పోర్టులు, కేంద్ర జాబితాలో ఉన్నాయి. మిగతావి ఉమ్మడి జాబితాలో. పక్కనే ఉన్న గంగవరం ఆ రెండో లెక్కలోకి వస్తుంది. దానికి రాష్ట్ర మారిటైమ్ బోర్డు, మాకు ఢిల్లీలో ఓడరేవుల శాఖ. అదే సముద్రం, అదే బొగ్గు ఓడ. అటు తిరిగితే ఒక ప్రభుత్వం, ఇటు తిరిగితే ఇంకో ప్రభుత్వం.

అధ్యాపకురాలు: విశాఖ పోర్టు నడిపే బోర్డులో ఎవరెవరుంటారో కూడా చెప్పండి సార్.

అధికారి: 2021 మేజర్ పోర్టుల చట్టం ప్రకారం ఛైర్మన్, డిప్యూటీ ఛైర్మన్. రాష్ట్ర ప్రభుత్వం, రైల్వే, రక్షణ శాఖ, కస్టమ్స్ నుంచి ఒక్కొక్కరు. కేంద్రం తరఫున ఒకరు, కార్మికుల తరఫున ఇద్దరు, ఇంకా స్వతంత్ర సభ్యులు.

అధ్యాపకురాలు: నగరపాలక సంస్థ?

అధికారి: దానికి ప్రత్యేకంగా కుర్చీ లేదమ్మా.

అధ్యాపకురాలు: నేను అడగాలనుకున్నది అదే. పోర్టు పక్కనున్న వన్‌టౌన్‌లో బొగ్గుపొడి మీద ఫిర్యాదులు ఈ మధ్య మొదలైనవి కావు. అక్కడ మేడ మీద ఆరేసిన తెల్ల బట్టను వేలితో రుద్దితే చాలు, ఏ పరికరమూ అక్కర్లేదు. పొడి ఒక్క పోర్టు నుంచే వస్తోందని నేను అనను. లారీలున్నాయి, ఫ్యాక్టరీలున్నాయి. కానీ ఆ ఊరివాళ్ల గోడు వినే మనిషి ఆ బల్ల దగ్గర లేడు. కేంద్రాన్ని అడగాల్సిన మొదటి పని ఇది. దీనికి కోట్లు కూడా అక్కర్లేదు, చట్టంలో ఒక సవరణ చాలు.

వ్యాఖ్యాత: సార్ ఒప్పుకుంటారా?

అధికారి: సగం ఒప్పుకుంటాను. దుమ్ము మీద పోర్టు ఏమీ చేయలేదంటే మాత్రం ఒప్పుకోను. కప్పు ఉన్న షెడ్లు కట్టారు, కన్వేయర్లు వచ్చాయి, నీళ్లు చల్లుతారు. అసలు కష్టం సరుకులోనే ఉంది. మాంగనీసు ఎగుమతి కోసం పుట్టిన పోర్టు ఇది. 1933 అక్టోబర్ 7న ‘జలదుర్గ’ ఓడ లోపలికి వచ్చింది. తర్వాత ఛత్తీస్‌గఢ్‌లోని బైలదిలా ఇనుప ఖనిజం, దానికోసం కొత్తవలస–కిరండూల్ (కేకే) రైలు లైను, 1976లో ఔటర్ హార్బర్. పుట్టినప్పటి నుంచీ రాయీ మట్టీ మోసిన పోర్టును రేపటి నుంచి పూలబుట్టలు మొయ్యమంటే ఎలా?

ఎగుమతిదారు: పూలు వద్దండీ, రొయ్యలు ఇస్తాం. (నవ్వులు) నిజానికి విలువ చూస్తే సముద్ర ఉత్పత్తుల ఎగుమతిలో దేశంలో మొదటి వరుసలో ఉన్నది విశాఖే. టన్నుల్లో చూస్తే మేం కనబడం. మా సరుకు రీఫర్ కంటైనర్‌లో, అంటే ఫ్రిజ్ లాంటి పెట్టెలో, మైనస్ 18 డిగ్రీల దగ్గర ఉండాలి. భీమవరంలో సీలు పడిన దగ్గర్నుంచి అమెరికాలో తలుపు తీసేదాకా కరెంటు ఉండాలి. కొనేవాడు ముందు రొయ్య చూడడు. లోపల పెట్టిన డేటా లాగర్, అదే ఉష్ణోగ్రత నమోదు చేసే పరికరం, తీసి గ్రాఫ్ చూస్తాడు. అందులో ఒక్క చోట గీత పైకి లేచిందా, ఇక ఫోన్ల మీద ఫోన్లు.

వ్యాఖ్యాత: అది పోర్టు సమస్యా, కేంద్రం సమస్యా?

ఎగుమతిదారు: రెండూ. మనకు నేరుగా అమెరికా వెళ్లే పెద్ద ఓడలు తక్కువ. కొలంబోలోనో సింగపూర్‌లోనో దించి ఇంకో ఓడకు మార్చాలి. దేశం మొత్తమ్మీద ఇలా ఓడ మారే సరుకులో సుమారు 75 శాతం విదేశీ పోర్టుల్లోనే మారుతోందని కేంద్రమే చెబుతోంది. 2023 చివర్లో ఎర్ర సముద్రంలో దాడులు మొదలయ్యాక ఓడలు ఆఫ్రికా చుట్టూ తిరిగాయి. పది రోజులకు పైగా ఆలస్యం, ఓడ కిరాయి మోత. ఆపైన 2025 ఆగస్టులో అమెరికా సుంకం 50 శాతానికి వెళ్లింది. ఒకసారైతే కొలంబోలో మా కంటైనర్ ఎక్కాల్సిన ఓడ వెళ్లిపోయింది. ఏ కంపెనీయో చెప్పను. తర్వాతి ఓడ దాకా వారం పైన టెన్షన్‌తో కూర్చున్నాం. ఇలా సరుకు ఓడ మార్చుకునేందుకు కేరళలో విళింజం పోర్టు వచ్చింది, సంతోషం. తూర్పు తీరం సంగతేంటి? అమరావతిలో వినతిపత్రం ఇస్తే ‘మేజర్ పోర్టు మా చేతిలో లేదు’ అంటారు. ఢిల్లీలో ఇస్తే ‘మీ రాష్ట్రాన్ని అడగండి’ అంటారు.

వ్యాఖ్యాత: లాంగ్ బీచ్ నుంచి మన మిత్రుడు లైన్‌లో ఉన్నారు. బాబూ, వినబడుతోందా? అక్కడ కూడా పోర్టు వాషింగ్టన్‌దేనా?

ఇంజినీరు: వినబడుతోందండీ. ఇక్కడ పూర్తిగా తిరగేసినట్టు ఉంటుంది. లాస్ ఏంజెలెస్, లాంగ్ బీచ్ పోర్టులు ఆయా నగరాలవి. ఫెడరల్ ప్రభుత్వం చేతిలో కస్టమ్స్ ఉంది, ఓడలు నడిచే కాలువ లోతు చూసే ఆర్మీ ఇంజినీర్ల విభాగం ఉంది. దిగుమతి సరుకు విలువ మీద 0.125 శాతం హార్బర్ పన్ను వసూలు చేస్తారు. ఆ డబ్బు పూడిక తీయడానికి. దాన్ని ఏళ్ల తరబడి పూర్తిగా ఖర్చు పెట్టకుండా అట్టేపెట్టారని పోర్టులన్నీ వాషింగ్టన్ మీద పడ్డాయి. 2020లో చట్టాలు మార్చాక కొంత దారికొచ్చింది. 2022లో శుభ్రమైన పోర్టుల కోసం 300 కోట్ల డాలర్లు పెట్టారు. అందులో లాస్ ఏంజెలెస్‌కు 41 కోట్లకు పైగా కేటాయించారు.

అధ్యాపకురాలు: ఓడకు ఒడ్డు నుంచి కరెంటు ఇచ్చే విషయం చెప్పండి.

ఇంజినీరు: షోర్ పవర్. బెర్త్‌లో కట్టిన ఓడ తన జనరేటర్లు ఆపేసి ఒడ్డు నుంచి కేబుల్ తగిలించుకుంటుంది. కాలిఫోర్నియాలో కంటైనర్ ఓడలకు 2014 నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. ఇది వాషింగ్టన్ పెట్టింది కాదు, రాష్ట్రం పెట్టింది. మా బాల్కనీలోంచి హార్బర్ కనిపిస్తుంది. కేబుల్ తగిలించాక చిమ్నీ పొగ సన్నబడి ఆగిపోవడం చూడొచ్చు. మా అమ్మ విశాఖ నుంచి వచ్చినప్పుడు ‘ఓడకి కూడా ఛార్జింగ్ పెడతార్రా?’ అంది.

వ్యాఖ్యాత: అమ్మగారికి మా నమస్కారాలు చెప్పండి. సరే సార్, పచ్చదనం పేరుతో ఢిల్లీ నుంచి విశాఖకు ఏం వచ్చింది?

అధికారి: 2023లో ‘హరిత్ సాగర్’ మార్గదర్శకాలు వచ్చాయి. టన్ను సరుకుకు వెలువడే కార్బన్‌ను 2030కి 30 శాతం, 2047కి 70 శాతం తగ్గించాలని అందులో ఉంది. లక్ష్యం మంచిదే.

అధ్యాపకురాలు: లక్ష్యం అందరికీ ఒకటే సార్. డబ్బు ముందు ఎవరికి చేరిందో చూడండి. 2024లో గ్రీన్ టగ్‌ల పథకం, అంటే ఓడల్ని తోసే, లాగే టగ్ పడవల్ని డీజిల్ నుంచి తప్పించే పథకం, మొదలైంది. మొదటి దశకు నాలుగు పోర్టులు తీసుకున్నారు. ముంబై పక్కన జవహర్‌లాల్ నెహ్రూ పోర్టు (జేఎన్‌పీఏ), కాండ్లాలోని దీన్‌దయాళ్, పారదీప్, తూత్తుకుడి. గ్రీన్ హైడ్రోజన్, అంటే సౌర, పవన విద్యుత్తు లాంటి వాటితో చేసే హైడ్రోజన్, దానికి హబ్ పోర్టులని ప్రకటించినవి మూడు: కాండ్లా, పారదీప్, తూత్తుకుడి. రెండు జాబితాల్లోనూ విశాఖ లేదు.

వ్యాఖ్యాత: ఆగండి మేడమ్. 2025 జనవరిలో ప్రధాని విశాఖ వచ్చి పూడిమడకలో ఎన్టీపీసీ గ్రీన్ హైడ్రోజన్ హబ్‌కు శంకుస్థాపన చేశారు కదా?

అధ్యాపకురాలు: చేశారు. నా బాధే అది. హైడ్రోజన్, అమ్మోనియా తయారయ్యేది అనకాపల్లి జిల్లాలో. కూతవేటు దూరంలో కేంద్రం సొంత మేజర్ పోర్టు. హబ్ హోదా మాత్రం ఒడిశాకు, గుజరాత్‌కు, తమిళనాడుకు. వంట మన పొయ్యి మీద, విస్తరి పక్కింట్లో! ఇది అడగకపోతే ఇంకేం అడుగుతాం?

అధికారి: ఇక్కడ మీతో నూరుపాళ్లూ ఏకీభవిస్తాను. టగ్ సంగతి బయటివాళ్లకు చిన్నగా కనబడుతుంది. లోపలి హార్బర్‌కు వెళ్లే కాలువ డాల్ఫిన్స్ నోస్ కొండ పక్క నుంచి సన్నగా ఉంటుంది. పెద్ద ఓడ సొంతంగా తిరగలేదు. ముందొకటి, వెనకొకటి టగ్‌లు పట్టుకుని మెల్లగా తోసుకుంటూ, లాక్కుంటూ తీసుకెళ్లాలి. ఓడ లేనప్పుడు కూడా టగ్ పిలుపు కోసం సిద్ధంగా ఉండాలి. ఊరికి ఇంత దగ్గరగా డీజిల్ కాల్చే యంత్రాల్లో అదొకటి. రాత్రి డ్యూటీలో కంట్రోల్ టవర్ నుంచి చూస్తే కొండ నీడలో ఆ పొగ కదలకుండా నిలబడి ఉండేది. బ్యాటరీ టగ్‌కు మొదటి హక్కు ఇలాంటి ఇరుకు పోర్టుకు ఉండాలి. ఇది సాంకేతికంగా వాదించగల డిమాండు, దేబిరింపు కాదు.

ఎగుమతిదారు: రైలు కూడా రాసుకోండి సార్. కొత్త జోన్ విశాఖకు వచ్చిందని సంబరపడ్డాం. ఖనిజం తెచ్చే కేకే లైను మాత్రం రాయగడ డివిజన్ కింద తూర్పు కోస్తా రైల్వేలోనే ఉంచాలని కేంద్రం నిర్ణయించింది. పోర్టు ఒక జోన్‌లో, దానికి సరుకు తెచ్చే లైను ఇంకో జోన్‌లో. గూడ్సు రైలు ఆగిపోతే ఎవరికి ఫోన్ చేయాలి?

వ్యాఖ్యాత: మరి కేంద్రం ప్రకటించిన నౌకా నిర్మాణానికి 69,725 కోట్ల ప్యాకేజీ, 25 వేల కోట్ల మారిటైమ్ నిధి?

అధికారి: అవి ఎక్కువగా ఓడలు కట్టేవాళ్లకు, కొనేవాళ్లకు. నిధిలో ప్రభుత్వ వాటా 49 శాతం వరకే, మిగతాది బయట నుంచి రావాలి. మన విశాఖలో ఓడలు కట్టే హిందుస్థాన్ షిప్‌యార్డ్‌కు ఉపయోగపడితే మంచిదే. పోర్టు సమస్య దానితో తీరదు.

వ్యాఖ్యాత: ఒక ఫోన్ కాల్ ఉంది. చెప్పండి అమ్మా, ఎక్కడి నుంచి?

ఫోన్‌లో మహిళ: జాలరిపేట నుంచి బాబూ. టగ్గులు, జోన్లు మాకు తెలీవు. ఒడ్డు సంగతి అడుగుతాను. ఏటేటా సముద్రం లోపలికి కోసుకొస్తంది. పోర్టోళ్లు ఇసుక తెచ్చి పోస్తన్నారు. మళ్లీ పోతంది. ఇదేటి?

అధికారి: ఇది పోర్టు పుట్టినప్పటి నుంచీ ఉన్న కథ తల్లీ. మన తీరంలో ఇసుక దక్షిణం నుంచి ఉత్తరానికి నడుస్తుంది. దాన్ని ఆపడానికి మొదట్లో రెండు పాత ఓడల్ని ముంచేసి అడ్డుకట్టగా వాడారు. తర్వాత ఔటర్ హార్బర్ గోడలు వచ్చాయి. గోడకు ఇటుపక్క ఇసుక పేరుకుంటుంది. అటుపక్క, అంటే మీవైపు, రావాల్సిన ఇసుక రాదు. పేరుకున్నదాన్ని డ్రెడ్జర్‌తో తోడి, పైపుల్లో బీచ్ మీదకు కొడతారు. ఆ నల్లటి నీళ్లు చిమ్ముతుంటే పిల్లలు చూడ్డానికి గుంపుగా నిలబడతారు.

అధ్యాపకురాలు: పూడిక తీసే డ్రెడ్జింగ్ కార్పొరేషన్ ప్రధాన కార్యాలయం విశాఖలోనే ఉంది. అందులో కేంద్రం వాటాను నాలుగు మేజర్ పోర్టులు కొన్నాయి, విశాఖ అందులో ఒకటి. అయినా ఇసుక తోడాలంటే ప్రతిసారీ కొత్త టెండరు, కొత్త కాగితం. మత్స్యకారుల ఒడ్డుకు పోసే ఇసుకను పోర్టు దానధర్మంలా కాకుండా, కాలువ లోతు పెంచే ఖర్చులాగే ఏటా తప్పనిసరి పద్దుగా పెట్టాలని ఢిల్లీని అడగాలి. ఇసుక ఆపింది పోర్టు గోడే కదా.

ఫోన్‌లో మహిళ: అది సరే. ఈసారి ఎప్పుడు పోస్తారు?

వ్యాఖ్యాత: సార్?

అధికారి: నేను రిటైరైపోయానమ్మా... డ్రెడ్జర్ ఎక్కడుందో కనుక్కుని చెప్పాలి. వానాకాలం గాలి మొదలవకముందే పోయించుకోండి. ఆలస్యమైతే పోసిన ఇసుక మీ దగ్గర నిలవదు.