బొగ్గు ఆగితే మన ఒంట్లో ఏం మారుతుంది

అందరికీ నమస్కారం. బొగ్గు కరెంటు అనగానే భూతాపం, సముద్ర మట్టాలు, 2050 నాటి లెక్కలు ముందుకొస్తాయి. అవి ముఖ్యమే, కాదనను. కానీ ఈరోజు నేను మాట్లాడేది ఊపిరితిత్తుల గురించి, గుండె గురించి, కడుపులో బిడ్డ గురించి. ప్లాంటు మూతపడితే వాతావరణానికి జరిగే మేలు తెలియడానికి దశాబ్దాలు పట్టొచ్చు గానీ ఒంటికి జరిగే మేలు నెలల్లోనే మొదలవుతుంది, ఈ మాటే ఎవరూ గట్టిగా చెప్పడం లేదు.

పొగగొట్టంలోంచి కంటికి కనపడేదాని కంటే కనపడనిదే ఎక్కువ హాని చేస్తుంది. బొగ్గులోని గంధకం కాలి సల్ఫర్ డయాక్సైడ్ అవుతుంది, అది గాల్లో పోతూ పోతూ అమ్మోనియాతో కలిసి సన్నని సల్ఫేట్ కణాలుగా మారుతుంది. గాల్లోని అతి సన్నని కణాల్ని పీఎం 2.5 అంటామే, అందులో ఇవీ ఉంటాయి. తలవెంట్రుక మందంలో 30వ వంతు కూడా ఉండవు కాబట్టి ముక్కూ గొంతూ వాటిని ఆపలేవు, ఊపిరితిత్తుల చివరి గాలిగదుల దాకా పోతాయి, మరీ సన్నవైతే రక్తంలోకే చేరతాయి. అందుకే దగ్గు, ఆయాసంతో ఆగదు, గుండెపోటు, పక్షవాతం దాకా వెళ్తుంది. పైగా ఇవి వందల కిలోమీటర్లు ప్రయాణిస్తాయి, ప్లాంటు దూరంగా ఉందిలే అని నిశ్చింతగా ఉండటానికి లేదు.

2023లో సైన్స్ పత్రికలో వచ్చిన అధ్యయనం చూడండి. అమెరికాలో 65 ఏళ్లు దాటినవాళ్లలో 1999 నుంచి 2020 దాకా బొగ్గు ప్లాంట్ల కణాల వల్ల దాదాపు 4,60,000 మరణాలు జరిగాయని తేల్చారు, మామూలు పీఎం 2.5 కంటే బొగ్గు నుంచి వచ్చేదానితో ప్రాణాపాయం 2.1 రెట్లు ఎక్కువట. ఆ మరణాల్లో 85 శాతం 2007 దాకా జరిగినవే. తర్వాత కొన్ని ప్లాంట్లు మూతపడ్డాయి, కొన్ని గంధకాన్ని వడకట్టే స్క్రబ్బర్లు పెట్టుకున్నాయి, 2020కి మరణాల లెక్క ఏడాదికి 1,600కి దిగింది. అంటే ఇది తలరాత కాదు, ఆపగలిగిందే.

నన్ను బాగా కదిలించింది మాత్రం చైనాలోని టోంగ్లియాంగ్. 2004లో అక్కడి బొగ్గు ప్లాంటు మూసేశారు. అంతకు ముందు, 2002లో పుట్టిన పిల్లల బొడ్డుతాడు రక్తం తీసి చూస్తే బొగ్గు పొగలోని రసాయనాలు డీఎన్ఏకి అతుక్కుని ఉన్నాయి, అవి ఎక్కువగా ఉన్న పిల్లలు రెండేళ్లొచ్చాక కదలికల పరీక్షల్లో వెనకబడ్డారు. 2005లో పుట్టిన పిల్లల్లో ఆ మరకలు తగ్గిపోయాయి, వాటివల్ల వెనకబాటూ కనపడలేదు. ఊరు అదే, తల్లులూ అలాంటివాళ్లే, మధ్యలో ఒక ప్లాంటు ఆగింది, అంతే.

అమెరికాలో కెంటకీ రాష్ట్రంలోని లూయీవిల్‌లో ఆస్తమా రోగుల ఇన్‌హేలర్లకి సెన్సర్లు బిగించారు. అక్కడ ఒక ప్లాంటు బొగ్గు మానేసి, మిగతావి స్క్రబ్బర్లు పెట్టాక వాళ్లు ఇన్‌హేలర్ నొక్కే సార్లే తగ్గాయి.

మరి స్క్రబ్బర్లు పెడితే సరిపోదా అని అడుగుతారు. మేలే, మూసేదాకా పెట్టి తీరాలి. కానీ ఆర్సెనిక్, సీసం ఉండే బూడిద గుట్టలు, గనుల్లో కార్మికుల ఊపిరితిత్తుల్లోకి పోయే ధూళి అలాగే ఉంటాయి. అలాగని బొగ్గు తీసేసి కట్టె కాల్చినా పొగ పొగే, ఆ కరెంటు లోటుని గాలి, సూర్యరశ్మి లాంటివాటితో నింపినప్పుడే ఈ మేలు పూర్తిగా దక్కుతుంది. ప్లాంటు మీద బతికే కుటుంబాలకి వేరే పని ముందే చూపించాలి, ఆ పొగ అందరికంటే ముందు పీల్చింది వాళ్లే.

నేను అడిగేది ఒకటే. ఎక్కడ ప్లాంటు మూయాలని నిర్ణయమైనా, రెండేళ్ల ముందు నుంచే చుట్టుపక్కల ఆసుపత్రుల్లో ఆస్తమా, గుండెపోటు, నెలలు నిండని కాన్పుల లెక్క రాయడం మొదలుపెట్టండి, మూశాక కూడా రాయండి, ఆ లెక్కని యూనిట్ ధర పక్కనే పెట్టి చర్చించండి.