చపాట మిర్చికి నిప్పంటించిన నా వాక్యం

మిత్రులారా, నమస్కారం. వరంగల్‌లోని ఎనుమాముల మిర్చి యార్డు గురించి గత వీడియోలో నేను చదివిన నా వచనం సొగసా, పటాటోపమా అని మీరు రెండు జట్లుగా విడిపోయి వాదిస్తున్నారు. ఒక జట్టు విశేషణాలను లెక్కపెడుతోంది, మరొక జట్టు వర్ణన లేకపోతే అది వచనమే కాదంటోంది. రెండు జట్లూ తప్పు చోట వెతుకుతున్నాయి. రచయిత ఎక్కడ సరిగా చూడలేదో అక్కడే వాక్యం ఉబ్బుతుంది. నా వాదమంతా ఇదే.

నా వాక్యాన్నే తీసుకోండి. చపాట రాశిని "నాలుకలను దహించే అగ్నిపర్వత శిఖరం" అన్నాను. ఆ పేజీని యార్డులో బస్తా మీద కూర్చున్న ఒక రైతుకు చదివి వినిపిస్తే, ఆయన చివరిదాకా ఓపికగా విని, "మంచిగనే రాసినవు సారూ, కానీ చపాటకు కారం తక్కువ, రంగు కోసం కొంటరు" అన్నాడు. టమాట మిర్చి అని కూడా పిలుచుకునే కాయ, 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన మన వరంగల్ కాయ, ఎర్రదనానికే పేరుపడ్డ కాయ! ఒక్కటి విరిచి నాలుక మీద పెట్టుకొని ఉంటే ఆ అగ్నిపర్వతం పుట్టేదే కాదు.

అలాగని అలంకారమే నేరమనేవారితో నేను ఏకీభవించను. పాలంపేట వెళ్లి రామప్ప గుడిని చూడండి. 1213లో రేచర్ల రుద్రుడు కట్టించిన ఆ గుడిలో ఉలి తగలని చోటు కోసం వెతుక్కోవాలి, అయినా అతి అనిపించదు. చూరు కింది నల్లరాతి మదనికలలో, అంటే స్త్రీ శిల్పాలలో, ఒకామె కాలికి ఎత్తు మడమల పాదరక్ష ఉంటుంది. శిల్పి ఆ మడమ దగ్గర కూడా తొందరపడలేదు. పైన శిఖరానికి మాత్రం నీటిలో తేలేటంత తేలికైన ఇటుకలు వాడారు. ఇంత పనితనాన్ని మోసే గుడి నెత్తిన ఎంత బరువు పెట్టాలో వారికి తెలుసు.

ప్రాచీన కవి పాల్కురికి సోమనను నా మీదికి తెచ్చినవారికీ ఒక మాట. కొద్ది అక్షరాలలో గొప్ప అర్థాన్ని కూర్చడమే కవి వివేకమని ఆయన అన్న మాట నిజమే, కానీ అందులో అర్థాన్ని వదిలేసి అక్షరాలను మాత్రమే పట్టుకుంటే ఎలా? నా అగ్నిపర్వతాన్ని "నిప్పు" అని రెండక్షరాలకు కుదించినా చపాటకు కారం రాదు.

కాబట్టి మీ వచనంలోని ప్రతి ఉపమానం కింద, అక్కడ మీరు కళ్లతో చూసినదేమిటో, చేతితో తాకినదేమిటో రాయండి. ఏమీ రాయలేకపోయిన చోట ఉపమానాన్ని కొట్టివేయండి. తరువాత మీరు వర్ణించిన పనిని చేసే మనిషికి పైకి చదివి వినిపించండి. నా వీడియోను నేను మళ్లీ విన్నప్పుడు, సరిగా చూడని చోటల్లా నా గొంతు పెరిగి, చదివే వేగం హెచ్చడం గమనించాను.

ఆ అగ్నిపర్వతం వాక్యాన్ని ఇప్పుడు ఇలా మార్చాను (తేజ అంటే కారం ఎక్కువగా ఉండే మిర్చి రకం): "చపాట రాశి దగ్గర హమాలీ ముఖానికి గుడ్డ కట్టుకోలేదు, తేజ రాశి వైపు నడిచేటప్పుడు కట్టుకున్నాడు." ఇందులోనూ అతి కనిపిస్తే, ఏ మాట దగ్గరో నాకు చెప్పండి.