చెంచాడు మూత్రం

శ్రోతలందరికీ నమస్కారం.

ఐదో నెలలో టిఫా స్కాన్‌కి వెళ్తారు. గుండె బాగుంది, వెన్ను బాగుంది, కాళ్లూ చేతులూ బాగున్నాయి అంటూనే డాక్టరు గారు చివర్లో ఒక మాట చేరుస్తారు. "ఎడమ కిడ్నీలో కొంచెం నీరుంది, చూద్దాం" అని. ఇంటికొచ్చాక బాగున్నవన్నీ మరిచిపోతారు, ఆ ఒక్క మాటే మిగులుతుంది. రిపోర్టులో దాని పేరు హైడ్రోనెఫ్రోసిస్. కిడ్నీలో తయారైన మూత్రం కిందికి దిగే దారిలో నిలిచి, అక్కడి సంచి ఉబ్బుతుంది. నూటికి ఒకటి రెండు గర్భాల్లో ఇది కనబడుతుంది. వాటిలో ఎక్కువ భాగం పుట్టాక ఏ ఆపరేషనూ లేకుండా సర్దుకుంటాయి.

సర్దుకునే లోపు ఇంట్లోవాళ్లు చేయాల్సింది ఏమిటి? ఈ పూట చెప్పదలచుకున్నది అదే. కిడ్నీ నిర్మాణం, అది పని చేసే తీరు మొదలుపెడితే మనకిచ్చిన సమయం దానికే చాలదు. అది వదిలేద్దాం.

ముందు స్కాన్ సంగతి. బిడ్డ పుట్టగానే స్కాన్ చేయండని డాక్టర్ని తొందరపెట్టకండి. మొదటి రెండు రోజులు తాగేది కొద్దిపాటి ముర్రుపాలు, పోసే ఉచ్చ కూడా కొద్దే. అందువల్ల ఉబ్బిన కిడ్నీ కూడా ఆ రెండు రోజులూ మామూలుగా కనబడి మోసం చేస్తుంది. 48 గంటలు దాటాక, వారంలోపు మొదటి స్కాన్. అది బాగుందన్నా సరే, నాలుగు నుంచి ఆరు వారాల మధ్య రెండోది. తప్పిపోయేది ఎప్పుడూ ఈ రెండోదే. 21వ రోజు బారసాల, వచ్చే చుట్టాలు, పోయే చుట్టాలు, ఆ సందడిలో స్కాన్ తేదీ రాసిన చీటీ ఏ బీరువాలోనో ఉండిపోతుంది. ఆ తేదీని గోడ మీది క్యాలెండర్లో గుండ్రంగా చుట్టి పెట్టండి.

ఒక్క బిడ్డకు మాత్రం ఇలా ఆగకూడదు. మగబిడ్డ అయి, రెండు కిడ్నీలూ ఉబ్బి, మూత్రాశయం గోడ కూడా మందంగా ఉంటే, మూత్రం బయటికొచ్చే దారికి పుట్టుకతోనే పొర అడ్డుపడిందేమోనని అనుమానిస్తారు. ఆ బిడ్డకు ఒకటి రెండు రోజుల్లోపే స్కాన్ తీసి, సన్నటి గొట్టం వేసి మూత్రం బయటికి తెప్పించాల్సి రావచ్చు. అలాంటి అనుమానం ముందే ఉంటే, పిల్లల సర్జన్ అందుబాటులో ఉన్న ఆస్పత్రిలోనే కాన్పు పెట్టుకోవాలి.

ఇక రాత్రి మందు. వాపు ఎక్కువగా ఉన్నా, మూత్రం కిందినుంచి కిడ్నీలోకి ఎగదన్నుతుందని అనుమానమున్నా, ఇన్‌ఫెక్షన్ రాకుండా రోజుకొక్కసారి, రాత్రిపూట, చిన్న మోతాదు యాంటీబయాటిక్ రాస్తారు. అందరికీ రాయరు, రాయలేదని కంగారు వద్దు. మొదటి నెలల్లో ఎక్కువగా రాసేది సెఫలెక్సిన్, కిలో బరువుకు సుమారు 10 మిల్లీగ్రాములు. మూడు కిలోల బిడ్డకు 30 మిల్లీగ్రాములు. అసలు చిక్కు ఇక్కడే ఉంది. ఇదే మందు సిరప్‌గానూ దొరుకుతుంది, చుక్కల సీసాగానూ దొరుకుతుంది. 5 మిల్లీలీటర్లలో 125 మిల్లీగ్రాములుండే సిరప్ అయితే ఆ బిడ్డకు 1.2 మిల్లీలీటర్లు. మిల్లీలీటరుకు 100 మిల్లీగ్రాములుండే చుక్కల మందైతే 0.3 మిల్లీలీటరు. దుకాణంలో సిరప్ అయిపోయి చుక్కల మందు ఇచ్చారనుకోండి. అలవాటు కొద్దీ 1.2 దాకా లాగి పోస్తే, నాలుగింతలు పడ్డట్టే. అందుకని సీసా మారిన ప్రతిసారీ లేబుల్ చదవండి. చెంచాతో కొలవకండి, 2 మిల్లీలీటర్ల సిరంజి సూది తీసేసి వాడండి. బిడ్డ బరువు పెరుగుతుంది కాబట్టి మోతాదు కూడా పెరగాలి. టీకాకు వెళ్లినప్పుడల్లా తూకం వేయించి, ఆ అంకె డాక్టరుకు చెప్పి అడగండి. అన్నట్టు టీకాలు మానకూడదు. కిడ్నీ వాపుకీ టీకాకీ పేచీ ఏమీ లేదు.

సరే, ఇప్పుడు అసలు మాట. మూత్రంలో సూక్ష్మజీవులు పెరుగుతాయేమో ల్యాబులో చూసే పరీక్షను కల్చర్ అంటారు. ముందు కల్చర్, తర్వాత మందు. ఈ ప్రసంగం మొత్తంలో ఒక్క ముక్కే గుర్తుంచుకోవాలంటే ఇదే గుర్తుంచుకోండి. ముందు కల్చర్, తర్వాత మందు.

ఎందుకో చెప్తాను. కిడ్నీ వాపు ఉన్న బిడ్డకు జ్వరం వస్తే మొదట అనుమానించేది మూత్రంలో ఇన్‌ఫెక్షన్. పసివాళ్లు మంట అని చెప్పరు. జ్వరం ఒకటి, లేదా పాలు సరిగా తాగకపోవడం, వాంతులు, ఊరికే మగతగా ఉండడం, రెండు వారాలు దాటినా తగ్గని కామెర్లు. కొందరికి జ్వరం రాకుండా ఒళ్లు చల్లబడుతుంది కూడా. ఏదో జ్వరమే కదా అని ఊళ్లో ఎవరో యాంటీబయాటిక్ చుక్కలు ఇస్తారు. రెండు మోతాదులు పడ్డాక పెద్దాస్పత్రికి వెళ్తారు, అక్కడ మూత్రం పరీక్షకు పంపుతారు, "ఏమీ పెరగలేదు" అని రిపోర్టు వస్తుంది. ఇప్పుడు తేలేదెలా? ఇన్‌ఫెక్షన్ లేదా, ఉండి మందుకు అణిగిందా? ఎవరూ చెప్పలేరు. ఈ బిడ్డకు గొట్టం వేసి తీసే సిస్టోగ్రామ్ అనే మూత్రాశయం ఎక్స్‌రే అవసరమా, రాత్రి మందు ఇంకెన్నాళ్లు, ఆపరేషన్ గురించి ఆలోచించాలా అన్నవన్నీ, నిజమైన ఇన్‌ఫెక్షన్ ఎన్నిసార్లు వచ్చిందన్న లెక్క మీదే చాలావరకు ఆధారపడతాయి. ఆ లెక్క తేల్చేది చెంచాడు ఉచ్చ. ఆ చెంచాడు పట్టడంలో పొరపాటు జరిగితే నెలల తరబడి నిర్ణయాలు గాలిలో ఉండిపోతాయి.

మూత్రం అనడం మానేసి ఉచ్చ అంటున్నానని గమనించే ఉంటారు. నెల బిడ్డ దగ్గర మూత్రం అనే మాట మరీ కండువా వేసుకున్నట్టుంటుంది.

పట్టడం ఎలా? చాలాచోట్ల అంటించే ప్లాస్టిక్ బ్యాగు ఇస్తారు. అది వేసి ఊరుకోవడం తేలికే. కానీ బ్యాగులో ఉచ్చ చర్మాన్నంతా తడుపుతూ చేరుతుంది, అక్కడ ఉండే సూక్ష్మజీవులన్నీ అందులో కలుస్తాయి. బ్యాగు ఉచ్చలో ఏమీ పెరగలేదంటే నమ్మొచ్చు. పెరిగిందంటే మాత్రం నమ్మలేం. డయపర్ పిండి తీసిన ఉచ్చ సంగతి చెప్పనే అక్కర్లేదు.

ధార మధ్యలో పట్టిన ఉచ్చే కావాలి. పసిపిల్ల ఎప్పుడు పోస్తుందో ఎవరికి తెలుసు అంటారా? పోయించొచ్చు. 2013లో స్పెయిన్ డాక్టర్లు నెలలోపు వయసున్న 80 మంది శిశువుల మీద ఒక పద్ధతి చేసి చూశారు. 86 శాతం మందికి ఐదు నిమిషాల్లోపే దొరికింది. చాలామందికి నిమిషం కూడా పట్టలేదు. నాకు చాలా ఇష్టమైన పద్ధతి ఇది. ఖర్చు లేదు, సూది లేదు. ఒక్కొక్క అడుగూ చెప్తాను, వినండి.

ముందు బిడ్డకు కడుపునిండా పాలివ్వండి. పాలు తాగిన పాతిక ముప్పై నిమిషాలకు మొదలుపెట్టాలి. గోరువెచ్చటి నీళ్లూ సబ్బుతో కడిగి, శుభ్రమైన గుడ్డతో అద్దండి. ఆడపిల్లకు ముందునుంచి వెనక్కే కడగాలి. మగపిల్లాడికి చర్మం వెనక్కి లాగొద్దు, పైన కడిగితే చాలు. డెటాల్ వద్దు, పౌడరు వద్దు, కొబ్బరినూనె వద్దు. వీటి ఛాయలు డబ్బాలో పడితే కల్చర్ పాడవుతుంది.

ఇప్పుడు ఇద్దరు కావాలి, ముగ్గురైతే ఇంకా నయం. అమ్మమ్మ మంచం అంచున కూర్చుని బిడ్డ చంకల కింద చేతులు వేసి నిలువుగా పట్టుకోవాలి, కాళ్లు కిందికి వేలాడుతూ ఉండాలి. ఆమె వేళ్లు బిడ్డ మెడనూ తలనూ వెనకనుంచి ఆనించి ఉండాలి, తల వాలకూడదు. రెండో మనిషి రెండు వేళ్లతో బొడ్డు కింద, మూత్రాశయం ఉండే చోట, మెత్తగా తడుతూ ఉండాలి. సెకనుకు రెండు కంటే కాస్త తక్కువ, నిమిషానికి వంద లెక్కన, 30 సెకన్లు. తలుపు తట్టినంత గట్టిగా వద్దు, నిద్రపుచ్చేటప్పుడు జోకొట్టినంత చాలు. తర్వాత నడుము దగ్గర, వెన్నుకు అటూ ఇటూ, రెండు బొటనవేళ్లతో చిన్న చిన్న సున్నాలు చుట్టినట్టు 30 సెకన్లు రుద్దాలి. మళ్లీ తట్టడం, మళ్లీ రుద్దడం. ఐదు నిమిషాలు చూసి, రాకపోతే ఆపేయండి. బిడ్డ ఏడుస్తుంది, ఏడిస్తే భయపడకండి.

ధార మొదలైతే మొదటి చుక్కలు కిందికి పోనిచ్చి, మధ్యలో డబ్బా పెట్టాలి. చెంచాడు, అంటే ఐదు మిల్లీలీటర్లు దొరికితే సుఖం, రెండు మూడు దొరికినా చాలు. డబ్బా మాత్రం మందుల షాపులో కొన్న సీలు తీయని స్టెరైల్ డబ్బాయే అయ్యుండాలి. కడిగిన హార్లిక్స్ సీసా కుదరదు. చివరి క్షణం దాకా మూత తీయొద్దు, తీసిన మూత బల్ల మీద పెట్టొద్దు, లోపలి వైపు వేలు తగలనివ్వొద్దు.

పట్టాక గంటలోపు ల్యాబుకు చేరాలి. కుదరకపోతే ఫ్రిజ్ మధ్య అరలో పెట్టండి, 24 గంటల దాకా ఆగుతుంది. ఫ్రీజర్లో మాత్రం వద్దు. ఇడ్లీ పిండి రాత్రి బయట ఉంచితే తెల్లారేసరికి పొంగుతుంది, ఫ్రిజ్‌లో పెడితే అలాగే ఉంటుంది. ఇదీ అంతే. ఇన్‌ఫెక్షన్ తెచ్చే ఈ-కోలై అనే సూక్ష్మజీవి, తగిన వెచ్చదనం ఉంటే ఇరవై నిమిషాలకోసారి రెట్టింపవుతుంది. గంటకు 8 రెట్లు, నాలుగు గంటలకు 4,096 రెట్లు. పొరపాటున పడ్డ పది, నాలుగు గంటలు ఎండలో స్కూటర్ డిక్కీలో తిరిగితే నలభై వేలు దాటొచ్చు. తర్వాత రిపోర్టు చూసి బిడ్డకు జబ్బుందనుకుంటాం.

ఒక హెచ్చరిక. మూడు నెలలు నిండని బిడ్డకు 100.4 డిగ్రీలు, అంటే 38 సెల్సియస్, వచ్చిందంటే ఇంట్లో ఈ ప్రయత్నాలు పెట్టుకోకండి. నేరుగా ఆస్పత్రికి వెళ్లండి. ఇదంతా అక్కడ, డాక్టరు వచ్చే లోపు చేయొచ్చు. బిడ్డ మరీ నీరసంగా ఉంటే వాళ్లే సన్నటి గొట్టంతో తీస్తారు, వద్దనకండి. ఇంజెక్షన్ తెచ్చినప్పుడు ఒక్క మాట అడగండి: "సిస్టర్, యూరిన్ కల్చర్ తీశారా?" తీశాక మందు మొదలవుతుంది, రిపోర్టు వచ్చే రెండు రోజుల దాకా ఆగరు. ముందు కల్చర్, తర్వాత మందు. అలాగని బిడ్డ ప్రాణం మీదికొచ్చినప్పుడు కల్చర్ కోసం మందు ఆపమని అర్థం కాదు.

జ్వరానికి ఇచ్చే మందు కూడా చూసి ఇవ్వండి. ప్యారాసెటమాల్‌తో పాటు ఐబుప్రోఫెన్ కలిసిన సిరప్‌లు దొరుకుతాయి, ఈ బిడ్డలకు అవి వద్దు. కిడ్నీకి వెళ్లే రక్తాన్ని తగ్గిస్తాయి. పసరు మందులూ వద్దు. కిడ్నీ కడుక్కుపోతుందని నీళ్లు తాగించే పెద్దలుంటారు. వాళ్ల ప్రేమను కాదనలేం గానీ, ఆరు నెలలదాకా తల్లిపాలే, నీళ్లు అక్కర్లేదు.

మగపిల్లాడికి ఉచ్చ పట్టేటప్పుడు ఇంకొక పని కలిసొస్తుంది. ధార చూడండి. దూరంగా వంపు తిరిగి పడుతోందా, చుక్కలు చుక్కలుగా కారుతోందా? ఫోన్లో పది సెకన్ల వీడియో తీసి డాక్టరుకు చూపించండి. ధార బాగుంటే అడ్డం లేదని ఒట్టేయలేం, చుక్కలుగా కారుతుంటే మాత్రం ఆ రోజే చూపించాలి.

డబ్బా మీద బిడ్డ పేరు, తేదీ, పట్టిన టైము రాయండి. దాని కింద ధారలో పట్టారో, బ్యాగులో పట్టారో, గొట్టంతో తీశారో రాయండి. ధారలో పట్టినదైతే మిల్లీలీటరుకు ఒకే రకం సూక్ష్మజీవులు లక్ష ఉంటే ఇన్‌ఫెక్షన్ అంటారు. రెండు మూడు రకాలు కలిసి పెరిగాయని వస్తే, పట్టడంలో మురికి పడిందని మళ్లీ పట్టమంటారు. ఎలా పట్టారో రాయకపోతే ఆ అంకెను ఎలా చదవాలో డాక్టరుకే తెలియదు. డబ్బా ఖరీదు తక్కువే, రెండు కొని డిశ్చార్జి ఫైలున్న సంచిలో పెట్టుకోండి. ఒకటి మూత ఊడి పాడైతే ఇంకొకటి ఉంటుంది. సెలవు.